దారం లాగీకండి: పెద్ద పండక్కి ముందు పిట్టల గురించి కొన్ని జాగ్రత్తలు

కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు కదా, రెండేళ్ల కిందట కనుమ రోజు విజయనగరంలో మా వీధిలో నిజంగానే ఒక కాకి కదల్లేదు, కరెంటు తీగకి గాలిపటం మాంజా చుట్టుకుపోయి తలకిందులుగా వేలాడతా ఉంది, పైన ఇంకో ముప్పై కాకులు ఒకటే గోల. కింద మేం పదిమందిమి, తలో సలహా. ఒక కుర్రాడైతే ఏకంగా ఇనప రాడ్డు పట్టుకొచ్చీశాడు. పిట్ట సంగతి తర్వాత, వాడు పోయుండేవాడు. తీగ మీద ఉన్నదాని జోలికి కర్రతో కూడా వెళ్లకండి, కొన్ని మాంజాలకి లోహం పొడి కూడా పూస్తారు, తడి కర్రలోనూ కరెంటు పారుతాది. 1912కి ఫోన్ చెయ్యండి, లైన్‌మేన్ వచ్చి సప్లై ఆపితేనే దింపాలి. మా కాకిని అలాగే దింపారు, అప్పటికి బతికే ఉంది.

అందుకే ఈసారి భోగికి ముందే రాస్తున్నా. ఇప్పుడే ఒక అట్టపెట్టె పక్కన పెట్టుకోండి, పావురానికి చెప్పుల డబ్బా చాలు, గద్దకి మాత్రం పెద్దది కావాలి, గాలి కోసం పక్కలకి చిల్లులు పెట్టి లోపల పాత కాటన్ టవల్ వేసేస్తే పనైపోయింది. ఒక చిన్న కత్తెర, గ్లవ్స్. అంతకన్నా ముఖ్యం, మీకు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టర్ గారిని పండగ మూడ్రోజులూ ఊళ్లో ఉంటారా అని ఇప్పుడే అడిగి పెట్టుకోవడం, ఎందుకంటే దెబ్బలు తగిలేది సరిగ్గా ఆ మూడ్రోజులే, ఆస్పత్రికి తాళం ఉండేదీ అప్పుడే. మీ రేంజ్ ఫారెస్ట్ ఆఫీసు నంబరు కూడా సేవ్ చేసుకోండి. విజయనగరం వైపు వాళ్లకి గరివిడిలో వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడ సెలవుల్లో ఎవరుంటారో ముందే కనుక్కుంటే మంచిది. 1962కి ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్స్ బండి ముఖ్యంగా పశువుల కోసం, అడిగి చూడండి గానీ దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

ఇక అసలు సంగతి. పిట్ట దొరగ్గానే మన చెయ్యి ఊరుకోదు, దారం కొస కనిపిస్తే పట్టుకుని లాగేస్తాం. లాగొద్దు బాబూ. పిట్ట రెక్కకి ముందు అంచున భుజం నుంచి మడత దాకా పల్చటి చర్మం సాగి ఉంటాది, ఎగరడానికి అదే ఆధారం, దారం సరిగ్గా అక్కడే కోసుకుపోతాది. మనం లాగితే సగం తెగింది పూర్తిగా తెగిపోతాది, ఇక ఆ పిట్ట జన్మలో ఎగరదు. దారాన్ని ఒంటికి అటూ ఇటూ కొంచెం వదిలి కత్తెరతో కత్తిరించండి, లోపల దిగిపోయిన ముక్క డాక్టర్ తీస్తారు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఒక ఐదు నిమిషాలు మెల్లగా అదిమి పట్టండి, మధ్యమధ్యలో ఎత్తి చూడకుండా. పసుపు, కొబ్బరినూనె, జండూబామ్ ఏదీ వద్దు, నూనె అంటితే ఈకలు అతుక్కుపోయి ఒంటి వేడి నిలవదు.

పట్టుకోవడం కూడా ఒక పనే. పైనుంచి టవల్ కప్పి, రెక్కలు మూసి, రెండు చేతులా ఎత్తాలి, ఛాతీ మాత్రం గట్టిగా నొక్కకూడదు. మనకున్నట్టు పిట్టకి ఊపిరి లాగే డయాఫ్రమ్ ఉండదు, ఛాతీ కదిలితేనే గాలి, నొక్కితే మన చేతుల్లోనే పోతాది. గద్దకి గోళ్లు, కొంగకి ముక్కు, కొంగ ముక్కు నేరుగా కంటికే వస్తాది కాబట్టి మొహం దూరంగా పెట్టండి. గబ్బిలం అయితే వట్టి చేత్తో అసలు ముట్టొద్దు, కరిస్తే ఆలస్యం చెయ్యకుండా రేబిస్ టీకాకి ఆస్పత్రికి వెళ్లాలి. గుడ్లగూబ దొరికితే చావుపిట్ట అని పక్కింటి పిన్ని గారు రాళ్లు వేయమంటారు, వినకండి, అది తినేది మన ఇంటి ఎలకల్నే.

నీళ్ల దగ్గర నేను చేసిన తప్పు చెప్తాను. ఒకసారి గోరింక దొరికితే పాపం దాహంగా ఉంటాదని స్పూన్‌తో నోట్లో పోశాను, గుటక వేస్తుందనుకున్నా, నీళ్లు ఊపిరి దారిలోకి పోయినట్టున్నాయి, ఐదు నిమిషాల్లో ప్రాణం పోయింది. దారం దెబ్బకి బతికింది నా స్పూన్‌కి పోయింది. డాక్టర్ చూసేదాకా తిండీ నీళ్లూ నోట్లో పెట్టకండి. డబ్బా మూసి చీకటిగా, వెచ్చగా, టీవీ చప్పుడు లేని గదిలో పెట్టీయండి, పిల్లలు ప్రతి రెండు నిమిషాలకీ మూత తీసి సెల్ఫీ తీసుకోకుండా చూడండి, ఆ భయానికే సగం చచ్చిపోతాయి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి. చిలక అయితే కోలుకున్నాక ఉంచేసుకుందాం అనుకోవద్దు, చట్టం ఒప్పుకోదు.

ఎగరేసేవాళ్లకి కూడా ఒక మాట. నైలాన్ మాంజాని 2017 జూలైలోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా అడిగితే కౌంటర్ కింద నుంచి తీసిచ్చే షాపులు ఉన్నాయి, కొనకండి, నూలు దారంతో కూడా గాలిపటం చక్కగా ఎగురుతాది. తెల్లవారగానే ఎగరేయకండి, మళ్లీ సాయంత్రం ఐదు దాటాక దించేయండి, ఇక్కడ పెద్ద చెరువు మీదుగానూ శ్రీకాకుళంలో నాగావళి వెంబడీ కొంగలు పొద్దున్న మేతకి బయల్దేరే, సాయంత్రం గూళ్లకి తిరిగొచ్చే టైమది. టెక్కలి వైపు వాళ్లు ఇంకొంచెం ఎక్కువ చూసుకోవాలి, జనవరిలో తేలినీలాపురం పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అక్కడే గూళ్లు కట్టుకుని ఉంటాయి, మేతకి నౌపడా చిత్తడి నేలల వైపు తిరుగుతాయి.

పండగ అయిపోయినా దారం పోదు. నైలాన్ కుళ్లదు, కాకులు గూళ్లకి పట్టుకుపోతాయి, పిల్లల కాళ్లకి చుట్టుకుంటాది. ముక్కనుమ రోజు మన గుంటల్ని, అదే పిల్లల్ని, వెంటేసుకుని వీధిలో ఒక రౌండ్ తిరిగి, చేతికందిన దారమంతా చుట్టి, జానెడు ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి, ఉండలా పడేస్తే ఆవులు తినేస్తాయి. మా వేపచెట్టు మీద పోయినేడు దారం ఇంకా వేలాడతానే ఉంది, ఈ ఆదివారం నిచ్చెన అడిగి తెస్తున్నా.