గేర్‌బాక్స్‌లో తప్పు ఆయిల్ పడిందా? ముందు బండి కదపకండి

గేర్‌బాక్స్ ఆయిల్ మార్పించారు, అప్పటి నుంచే రెండో గేరు కరకరమంటోంది, లేదా పొద్దున్నే లివరు మొండికేసి ఒక పట్టాన గేరు పడటం లేదు. ఇలా ఉంటే క్లచ్ పోయిందేమోనని టెన్షన్ పడే ముందు లోపల ఏ ఆయిల్ పోశారో తెలుసుకోండి. బిల్లు చూడండి, ఖాళీ డబ్బా దొరికితే ఇంకా మంచిది. "గేర్ ఆయిలే పోశాం" అన్న జవాబు చాలదు. మీకు కావలసినవి రెండు: చిక్కదనం చెప్పే 75డబ్ల్యూ-90 లాంటి గ్రేడు, దాని పక్కన ఆయిల్ రకం చెప్పే గుర్తు జీఎల్-4 అని ఉందా జీఎల్-5 అని ఉందా అన్నది. ఈ రెండిటినీ కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో రాసినదానితో పోల్చి చూస్తే సగం పని అయిపోయినట్టే.

ఇంకా బండి కదలకముందే తప్పు బయటపడితే మీ పని చాలా తేలిక. స్టార్ట్ చేయకండి, అంతే. న్యూట్రల్‌లోనే కదా ఉంది, ఒక్క నిమిషం స్టార్ట్ చేసి పక్కకు తీస్తాను అనుకోవద్దు, ఎందుకంటే న్యూట్రల్‌లో ఉన్నా క్లచ్ పెడల్ వదిలేసి ఉంటే గేర్‌బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్టూ దానితో కలిసి ఉన్న గేర్లూ తిరుగుతూనే ఉంటాయి, ఆ ఆయిల్‌ని మూలమూలకీ చిమ్ముతాయి. కదలని బండిలో అయితే తప్పు ఆయిల్ చాలావరకు అడుగునే ఉంటుంది, బోల్టు విప్పితే దిగిపోతుంది.

అసలు ఆయిల్ మారితే ఇంత తేడా ఎందుకు? గేర్‌బాక్స్ ఆయిల్ పని పళ్లు అరగకుండా చూడటం ఒక్కటే అనుకుంటారు చాలామంది. అందుకే ఎంత జారితే అంత మంచిది, నంబరు పెద్దదైతే ఇంకా మంచిది అన్న లెక్క వస్తుంది, దెబ్బ తినేది అక్కడే. మాన్యువల్ గేర్‌బాక్స్‌లో సింక్రో రింగులు ఉంటాయి, ఎక్కువగా ఇత్తడివి లేదా కంచువి, కొన్నిటికి లోపలి వైపు కార్బన్ లేదా మాలిబ్డినం పొర ఉంటుంది. మీరు లివరు తోయగానే ఈ రింగు గేరు పక్కనున్న కోన్ మీదికి ఒత్తుకుంటుంది, ఆ రాపిడితోనే రెండిటి వేగం సమానం అవుతుంది, అప్పుడే పళ్లు చప్పుడు లేకుండా కలుస్తాయి. అంటే ఇక్కడ ఆయిల్ కొంత పట్టు ఇవ్వాలి. రింగు మీదున్న సన్నటి గాడులు ఆయిల్ పొరను తెంచి పక్కకు తోసేయగలగాలి. మరీ జారుడు ఆయిల్ పోస్తే నూనె చేతులతో సీసా మూత తిప్పినట్టు ఉంటుంది దాని పరిస్థితి: రింగు జారుతుంది, వేగాలు కలవవు, పళ్లు ఒకదాన్నొకటి గీసుకుంటాయి. ముందు రెండో గేరులోనే ఎందుకు వినిపిస్తుందంటే, ఒకటికీ రెండుకీ మధ్య వేగాల తేడా ఎక్కువ, అక్కడి రింగు మీద భారమూ ఎక్కువే.

ఇక జీఎల్-4, జీఎల్-5 సంగతి. జీఎల్-5లో తీవ్రమైన ఒత్తిడిని తట్టుకోవడానికి కలిపే సల్ఫర్, ఫాస్ఫరస్ అడిటివ్‌లు జీఎల్-4లో కంటే సుమారు రెట్టింపు ఉంటాయి. వెనక చక్రాలతో నడిచే బండ్ల డిఫరెన్షియల్‌లో (రెండు చక్రాలకీ శక్తిని పంచే గేర్ల పెట్టెలో) ఉండే హైపాయిడ్ గేర్ల కోసం దాన్ని తయారు చేశారు, అక్కడ పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి గట్టిగా జారుతాయి కాబట్టి అంత రక్షణ అవసరం. గేర్‌బాక్స్‌లో పరిస్థితి వేరు. సల్ఫర్ బాగా వేడెక్కినప్పుడు ఇత్తడినీ కంచునీ నల్లబరిచి మెల్లగా తినేస్తుంది. ఈ మధ్య వచ్చే జీఎల్-5 ఆయిళ్లలో లోహాన్ని కాపాడే రసాయనాలు మెరుగ్గానే ఉంటున్నాయి, అయినా పట్టు సమస్య మిగిలే ఉంటుంది. లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ కోసమని రాసి ఉన్న ఆయిల్ అయితే ఇంకా ఇబ్బంది, జారుడు పెంచే అడిటివ్‌లు అందులో కావాలనే కలుపుతారు. 5 అంటే 4 కంటే పై రకం, కాబట్టి 4 అడిగిన చోట 5 పోస్తే మేలే అని ఎవరు చెప్పినా నమ్మకండి. జీఎల్-4/జీఎల్-5 అని రెండూ కలిపి రాసిన డబ్బాలు కూడా వస్తాయి. అలాంటప్పుడు ముందు వైపు పెద్ద అక్షరాలు వదిలేసి, వెనక వైపు మీ కారు కంపెనీ స్పెసిఫికేషన్ నంబరు ఉందో లేదో చూడండి, నేనైతే ఆ నంబరు లేని డబ్బా కొనను.

అలాగని జీఎల్-5 ప్రతి గేర్‌బాక్స్‌కీ విషం కాదు. సుబారు మాన్యువల్ బండ్లలో గేర్‌బాక్సూ ముందు డిఫరెన్షియలూ ఒకే ఆయిల్ పంచుకుంటాయి, వాటికి కంపెనీయే జీఎల్-5 చెప్పింది. పాత హోండాల్లో చాలావాటికి 10డబ్ల్యూ-30 ఇంజిన్ ఆయిలే పోసేవాళ్లు. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులు ఆటోమేటిక్ బండ్లలో వాడే ఏటీఎఫ్‌నే అడుగుతాయి, వాటిలో చిక్కటి గేర్ ఆయిల్ పోస్తే చల్లగా ఉన్నప్పుడు లివరు కదలదు. 1959లో వచ్చిన మొదటి మినీ కారులో అయితే ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ కలిపి ఒకే ఆయిల్. అందుకే పక్కింటి కారుకి పనిచేసింది మీ కారుకి పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. ఏఎంటీ బండి (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునేది) ఉన్నవాళ్లూ గమనించాలి, దాని లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, ఆటోమేటిక్ అనుకుని ఏటీఎఫ్ పోసేయకూడదు. గేర్లు మార్చే హైడ్రాలిక్ యంత్రం ఉంటే దానికి విడిగా వేరే ఆయిల్ ఉంటుంది.

గ్రేడు అంకెల దగ్గర ఇంకో గందరగోళం. గేర్ ఆయిల్ 90, ఇంజిన్ ఆయిల్ 40 అని చూసి మొదటిది రెండింతలు చిక్కన అనుకుంటారు, కానీ రెండిటి కొలమానాలూ వేరు. 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర గేర్ ఆయిల్ 90 చిక్కదనం 13.5 నుంచి 18.5 సెంటీస్టోక్స్ లోపు, ఇంజిన్ ఆయిల్ 40ది 12.5 నుంచి 16.3 లోపు. దాదాపు ఒకటే. కాబట్టి పొరపాటున ఇంజిన్ ఆయిల్ పడి కొద్ది దూరం నడిపినా గేర్‌బాక్స్ అక్కడికక్కడే పాడైపోదు, అయితే పళ్ల మీద భారం పడినప్పుడు కాపాడే అడిటివ్‌లు గేర్ ఆయిల్‌లో ఉన్నంతగా దాన్లో ఉండవు, అలాగే వదిలేయకూడదు. గేర్ ఆయిల్ 140 మాత్రం నిజంగానే చిక్కన, 24 నుంచి 32.5 వరకు ఉంటుంది. అది పోస్తే పొద్దున మొదటి కొన్ని కిలోమీటర్లు గేర్లు వేయడానికి చెయ్యి నొప్పెడుతుంది, వేడెక్కాక సర్దుకున్నట్టు అనిపిస్తుంది, దాన్ని చూసి బాగైపోయిందనుకోవద్దు. మరీ పల్చటి ఆయిల్ పోస్తే దీనికి రివర్సు: గేర్లు తేలిగ్గా పడతాయి, కానీ స్పీడు మీద లోపలి నుంచి సన్నగా ఊళ వినిపిస్తుంది, బేరింగులూ పళ్లూ త్వరగా అరుగుతాయి.

ఇప్పుడు ఆయిల్ తీసి మళ్లీ పోయడం. అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను: కింద డ్రెయిన్ ప్లగ్ ముట్టుకునే ముందు పైన ఆయిల్ పోసే ఫిల్లర్ ప్లగ్ విప్పి చూడండి. తుప్పు పట్టి అది రాకపోతే, తల అరిగిపోతే, ఖాళీ గేర్‌బాక్స్‌తో బండి అక్కడే ఉండిపోతుంది. అది సులువుగా వచ్చాకే కిందది విప్పాలి. బండిని జాకీ మీద మాత్రమే నిలబెట్టి కిందకి దూరకండి, నాలుగు వైపులా గట్టి స్టాండ్లు పెట్టి, బండి సమంగా ఉండేలా చూసుకోండి, వాలుగా ఉంటే లెవెల్ తప్పుతుంది. ఇప్పటికే నడిపిన బండి అయితే ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు తీస్తే బాగా దిగుతుంది, కాకపోతే పక్కనే ఉన్న సైలెన్సర్ గొట్టం కాలుతూ ఉంటుంది జాగ్రత్త. అసలు స్టార్టే చేయని బండి అయితే చల్లగానే తీయండి, కాస్త ఎక్కువసేపు పడుతుంది. ధార ఆగి చుక్కలు పడుతున్నప్పుడు తొందరపడి మూయకండి, ఓ అరగంట అలాగే వదిలేయండి.

కారిన ఆయిల్‌ని ఎండలో పెట్టి చూడండి. ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటుంది, అది మామూలే, తుడిచేయండి. ఆయిల్‌లో బంగారు రంగు తళుకులు కనిపిస్తే అవి సింక్రో రింగుల రజను. కొద్దిగా ఉంటే కంగారు అక్కర్లేదు, చిక్కగా మెరుస్తుంటే రింగులు బాగా అరిగినట్టే. గోరుకి తగిలే ఇనుప ముక్కలు, పళ్ల పెచ్చులు కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి లాభం లేదు, గేర్‌బాక్స్ విప్పాల్సిందే.

లోపల కడగాలని కిరోసిన్, డీజిల్ పోయడం వద్దే వద్దు. అవి మూలల్లో నిలిచిపోయి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తాయి, బేరింగుల మీద ఉన్న పొరను కడిగేస్తాయి. కడగడానికి సరైన ఆయిలే వాడాలి. ఉదాహరణకి గేర్‌బాక్స్‌లో 2 లీటర్లు పట్టి, ఎంత కార్చినా 200 మిల్లీలీటర్లు లోపలే ఉండిపోతే, ఒకసారి మార్చాక తప్పు ఆయిల్ వాటా 10 శాతం. కొన్ని రోజులు నెమ్మదిగా నడిపి మళ్లీ మారిస్తే 1 శాతానికి వచ్చేస్తుంది. రెండోసారి ఖర్చు అనవసరం అనిపిస్తుంది, కానీ కరకర మొదలైన బండికి మాత్రం నేను తప్పకుండా చేయమంటాను.

డ్రెయిన్ ప్లగ్‌కి కొత్త వాషర్ వేసి, పుస్తకంలో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. గేర్‌బాక్స్ బాడీ అల్యూమినియం కాబట్టి బలం చూపిస్తే మరలు ఊడిపోతాయి. తర్వాత పైనుంచి గరాటుకి పొడుగాటి ట్యూబు తగిలించి గానీ చేతి పంపుతో గానీ నింపండి. చాలా బండ్లలో ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారడం మొదలైతే లెవెల్ సరిపోయినట్టు. కొన్నిటికి కొలిచి ఇంతే పోయాలని రాస్తారు, అక్కడ ఆ కొలతే పాటించాలి. ఎక్కువైతే నురగ కడుతుంది, సీళ్ల దగ్గర్నుంచి, గాలి పోయే రంధ్రం నుంచి కారుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది, ఇది తప్పు ఆయిల్ కంటే పెద్దది. ఇంజిన్ ఆయిల్ మార్చబోయి పొరపాటున గేర్‌బాక్స్ ప్లగ్ విప్పేయడం. అప్పుడు గేర్‌బాక్స్ ఖాళీ, ఇంజిన్‌లో పాత ఆయిల్ మీద కొత్త ఆయిల్. సర్వీసు అయిన వెంటనే డిప్‌స్టిక్ మీద లెవెల్ గుర్తు దాటి చాలా పైకి ఉంటే బండి స్టార్ట్ చేయకుండా గేర్‌బాక్స్ లెవెల్ కూడా చూడండి.

సరైన ఆయిల్ పడ్డాక ఒకసారి చుట్టి వచ్చి రెండు ప్లగ్‌ల దగ్గరా తడి ఉందేమో చూడండి. బిగుసుకుపోవడం అప్పుడే తగ్గిపోవాలి. కరకర మాత్రం కొంచెం టైమ్ తీసుకోవచ్చు, రింగుల మీద పాత ఆయిల్ పొర పోవాలి. రెండోసారి మార్చాక కూడా రెండో గేరు అలాగే గీసుకుంటుంటే, ముందు క్లచ్ పూర్తిగా విడిపోతోందో లేదో చూపించండి: బండి ఆగి ఉన్నప్పుడు రివర్స్ గేరు వేస్తే అది కూడా గట్టిగా గీసుకుంటే అనుమానం క్లచ్ మీదే. క్లచ్ బాగుండి, పై గేరు నుంచి కింది గేరుకి మార్చేటప్పుడు ఒక్క గేరే గొడవ చేస్తుంటే ఆ గేరు సింక్రో రింగు అరిగింది, దాన్ని ఏ ఆయిలూ, సీసాల్లో అమ్మే ఏ అడిటివూ బాగుచేయలేవు. గేర్‌బాక్స్ దించి రింగు మార్పించాలి, అప్పటిదాకా ఆ గేరులోకి బలవంతంగా తోయకుండా వేగం తగ్గాక నిదానంగా వేయండి.