ఔట్‌డోర్‌లో ముఖం రంగు తేడాగా వస్తోందా? స్టూడియో బుక్ చేసేముందు కాళ్లకింద చూడండి

"అన్నా, పార్కులో తీసినవన్నీ పాడయ్యాయి, ఈసారి స్టూడియోనే తీసుకుంటా" అని పెళ్లిళ్ల సీజన్‌లో నాకు వారానికొకరైనా ఫోన్ చేస్తారు. ఎన్నింటికి తీశారంటే, పన్నెండింటికట! నడినెత్తిన ఎండ పెట్టుకుంటే కళ్లకింద నల్లటి గుంటలు పడక ఏమవుతుంది? పొద్దున్నే గానీ, సాయంత్రం నాలుగున్నర దాటాక గానీ తీయండి. దీనికోసం స్టూడియో అద్దె దండగ.

టైము సరిగ్గానే ఉన్నా రంగు తేడా కొడుతుంటే మాత్రం కథ వేరు.

సమస్య: నుదురు బాగానే ఉంటుంది. గడ్డం కింద, మెడమీద, తెల్ల పంచె మడతల్లో ఆకుపచ్చ జీర. వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సర్దే సెట్టింగ్) మారిస్తే మెడ సర్దుకుంటుంది, నుదురు గులాబీ రంగుకి తిరుగుతుంది.

కారణం: కాళ్లకింద లాన్. ఎండ గడ్డిమీద పడి ఆ రంగుతోనే పైకి లేస్తుంది. ఒకే ముఖం మీద రెండు రంగుల వెలుగు పడితే ఒక్క సెట్టింగ్‌కి రెండూ లొంగవు. ఓ హల్దీ షూట్‌లో పెళ్లికూతురి మెడ చూసి పసుపే అనుకున్నాను. రాత్రంతా ఎడిటింగ్‌లో కూర్చున్నాక గానీ తెలియలేదు, ఫోటోలో ఉన్నది గడ్డి రంగని. (మనకి పసుపూ పచ్చే, ఆకూ పచ్చే!) విసుగొచ్చి తర్వాతి షూట్‌కి గంటల లెక్కన స్టూడియో తీసుకున్నా. అక్కడ పక్కగోడకి నీలం పెయింట్. పెళ్లికొడుకు ఒక బుగ్గ నీలం!

పరిష్కారం: గడ్డం దగ్గర తెల్లకాగితం కాస్త నేలవైపు వంచి పట్టి ఒక ఫోటో తీయండి. కాగితం ఆకుపచ్చగా కనిపిస్తే జంటను సిమెంటు బాటమీదికో, మట్టినేల మీదికో జరపండి. వైజాగ్‌లో అయితే రుషికొండ ఇసుక ఉండనే ఉంది, దాని వెచ్చటి రంగు ముఖానికి నప్పుతుంది. జరిగే చోటు లేకపోతే ఫ్రేములో పడకుండా కాళ్లముందు తెల్ల దుప్పటి పరవండి. స్టూడియోలో గోడకి దూరంగా నిలబెట్టండి, గది ఇరుకైతే ఆ గోడకి నల్లగుడ్డ కట్టండి.

స్టూడియోలో ఫోటోకి అడ్డంగా చారలొస్తే అది ఎల్‌ఈడీ లైట్ల మినుకు, అంటే కంటికి తెలియనంత వేగంగా వెలిగి తగ్గడం. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు ఊగుతుంది) కాబట్టి షటర్ స్పీడ్ సెకనులో 1/100 లేదా 1/50 వంతు పెట్టండి. ఫ్లాష్ వాడినప్పుడు ఫ్రేములో ఒక పక్క నల్లబడితే షటర్ 1/160కి దించండి. లెన్స్‌లో బూజు, సెన్సర్ లోపం లాంటివి అరుదు, వాటి జోలికి చివర్లో వెళ్లొచ్చు.

వానాకాలమైనా, చంటిపిల్లలున్నా, నాలుగు చీరలు మార్చాలన్నా స్టూడియోనే మేలు. అడ్వాన్స్ ఇచ్చేముందు మాత్రం ఆ తెల్లకాగితం జేబులో పెట్టుకెళ్లి గది చూసి రండి.