జే-1 మీద సైబర్ సెక్యూరిటీకి అమెరికా: ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏం చేయాలి

గచ్చిబౌలిలో ఒక సాక్‌లో (కంపెనీ సిస్టమ్‌లపై సైబర్ దాడులను రాత్రింబవళ్లు కనిపెట్టే సెంటర్) 3 ఏళ్లు నైట్ షిఫ్టులు చేసి, జే-1 ట్రైనీగా 18 నెలలు అమెరికాలో ఉండి వచ్చాను. అప్పటి నుంచి జూనియర్ల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. 2025 సెప్టెంబరులో, లాటరీ తీసి ఇచ్చే ఉద్యోగం వీసా హెచ్-1బి కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు ప్రకటించాక ఇంకా పెరిగాయి. "అన్నా, జే-1కి లాటరీ లేదంట కదా?" అన్న మాటతోనే మొదలు. లాటరీ లేదు, నిజమే. కానీ అది ఉద్యోగం వీసా కాదు. 1961 నాటి విద్యా సాంస్కృతిక మార్పిడి చట్టం కింద నడిచే వీసా అది, వెళ్లి నేర్చుకుని తిరిగి రావడానికి. జీతం వస్తుంది, మెడలో బ్యాడ్జి వేలాడుతుంది, అయినా కాగితం మీద మీరు నేర్చుకునే మనిషే. ఎవరి పని ఎక్కడ ఆగిందో తవ్వి చూస్తే దాదాపు ప్రతిసారీ ఇక్కడికే వచ్చి తేలింది.

"వంద చోట్ల అప్లై చేశాను, ఒక్క రిప్లై లేదు"

ముందు రెజ్యూమేని తిట్టుకోకండి. అమెరికాలో సెక్యూరిటీ ఉద్యోగాల్లో చాలావాటికి ఆ దేశ పౌరసత్వమో, ప్రభుత్వం ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్సో ఉండాలి. రక్షణ శాఖ కాంట్రాక్టులు చేసే కంపెనీల్లో అయితే మరీను. ఆ సంగతి ప్రకటన అడుగున ఒక్క లైనులో ఉంటుంది. మనం పైన స్కిల్స్ చూసి, అన్నీ వచ్చు కదా అని బటన్ నొక్కేస్తాం. క్లియరెన్స్, యూఎస్ పర్సన్ (అమెరికా పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు), ఐటార్ (ఆయుధ ఎగుమతుల నిబంధనలు) - ఈ మూడింట్లో ఏ మాట కనిపించినా ఆ ట్యాబ్ మూసేయండి.

రెండో కారణం, హోస్ట్‌నీ స్పాన్సర్‌నీ ఒకటే అనుకోవడం. మిమ్మల్ని పెట్టుకుని పని నేర్పే కంపెనీ హోస్ట్. జే-1 వీసాకి ఆధారమైన డీఎస్-2019 ఫారం ఇచ్చేది స్పాన్సర్, అంటే అమెరికా విదేశాంగ శాఖ గుర్తింపు ఉన్న వేరే సంస్థ. "నాకు జే-1 స్పాన్సర్ చేస్తారా?" అని హెచ్ఆర్‌ని అడిగితే, ఆవిడకి స్పాన్సర్ అనగానే హెచ్-1బి గుర్తొస్తుంది, కుదరదనేస్తుంది. నేనూ మొదట్లో అలాగే అడిగి బోల్తా పడ్డాను. తర్వాత మెయిల్ పైనే ఈ సంగతి పెట్టాను: "మీరు ఇమిగ్రేషన్ శాఖలో పిటిషన్ వేయక్కర్లేదు. స్పాన్సర్ సంస్థ వేరే ఉంటుంది. మీ వైపు నుంచి కావాల్సింది ఒక సూపర్‌వైజరు, ట్రైనింగ్ ప్లాన్ మీద సంతకం, స్టైపెండ్." ఆ తర్వాతే రిప్లైలు మొదలయ్యాయి.

ఎక్కడ వెతకాలి అంటే, మీ కంపెనీకే అమెరికాలో ఆఫీసు ఉంటే ముందు ఆ తలుపు తట్టండి. విదేశీ కంపెనీల హైదరాబాద్ గ్లోబల్ సెంటర్లలో ఉన్నవాళ్లకి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. రోజూ కాల్‌లో మాట్లాడే మేనేజరే హోస్ట్ సూపర్‌వైజర్ అవుతాడు. చిన్న స్టార్టప్ అయితే ఒక మెలిక ఉంది. ఆ స్పాన్సర్‌తో అంతకుముందు పనిచేయని కంపెనీలో 25 మంది కన్నా తక్కువ ఉన్నా, ఏడాది ఆదాయం 30 లక్షల డాలర్లకు తగ్గినా, స్పాన్సర్ స్వయంగా వెళ్లి ఆఫీసు చూసి రావాలి. దానికి టైం పడుతుంది, కంగారు పడొద్దు. "మా పేరోల్ మీద ఉండు, క్లయింట్ దగ్గర కూర్చో" అనే స్టాఫింగ్ కంపెనీలు మాత్రం ఇక్కడ పనికిరావు. నిబంధనలే ఒప్పుకోవు.

"హోస్ట్ దొరికింది, కానీ అర్హత లేదంటున్నారు"

ఇంటర్న్ వేరు, ట్రైనీ వేరు. అమెరికా బయట కాలేజీలో చదువుతున్నవాళ్లు, లేదా చదువు అయిపోయి 12 నెలలు దాటనివాళ్లు ఇంటర్న్‌గా వెళ్లొచ్చు, గరిష్ఠంగా 12 నెలలు. ట్రైనీకి డిగ్రీతో పాటు అదే రంగంలో కనీసం ఏడాది అనుభవం కావాలి. డిగ్రీ లేకపోతే 5 ఏళ్ల అనుభవం. గరిష్ఠంగా 18 నెలలు. ఆ డిగ్రీ, ఆ అనుభవం రెండూ అమెరికా బయటివే అయి ఉండాలి. అక్కడ ఎంఎస్ చేసి ఓపీటీలో (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఇచ్చే పని అనుమతి) పనిచేసినవాళ్లు ఇక్కడే తడబడతారు, ఆ ఓపీటీ అనుభవం దీనికి లెక్కలోకి రాదు.

మన పిల్లలు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండింటి మధ్య సందులో. బీటెక్ అయిపోతుంది. ఆరు నెలలు అమీర్‌పేటలో కోర్సు, ఇంకో ఆరు నెలలు సర్టిఫికేషన్ ప్రిపరేషన్. ఇంటర్న్ గడువు దాటిపోతుంది, ట్రైనీకి కావాల్సిన అనుభవం ఉండదు. సీఈహెచ్, సెక్యూరిటీ ప్లస్, ఓఎస్‌సీపీ లాంటి సర్టిఫికెట్లు ఎన్ని పెట్టినా ఆ ఏడాది అనుభవానికి బదులు కావు. దీనికి మందు ఒక్కటే: ఇక్కడ సాక్‌లోనో, ఆడిట్ టీంలోనో ఏడాది జీతం తీసుకుని పనిచేయడం. ఎక్స్‌పీరియెన్స్ లెటర్ "పెట్టించుకుందాం" అనే ఆలోచన వస్తే అక్కడే తుంచేయండి. వీసా కోసం అబద్ధం చెప్పారని తేలితే అమెరికా చట్టంలో జీవితాంతం నిషేధం ఉంది. తర్వాత పెళ్లయి వెళ్లాలన్నా, పిల్లల దగ్గరికి వెళ్లాలన్నా అది అడ్డమొస్తుంది.

"ట్రైనింగ్ ప్లాన్ వెనక్కి పంపారు"

ఎక్కువ సేపు కూర్చోవాల్సింది దీని దగ్గరే. డీఎస్-7002 అని ఒక ఫారం ఉంటుంది. మీరు ఏ దశలో ఏం నేర్చుకుంటారు, ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నారో లేదో ఎలా చూస్తారు అన్నది అందులో రాయాలి. మీరు, హోస్ట్, స్పాన్సర్ ముగ్గురూ సంతకం పెడతారు. సాధారణంగా హోస్ట్ హెచ్ఆర్ తమ దగ్గరున్న జాబ్ డిస్క్రిప్షన్ తెచ్చి అందులో అతికించేస్తుంది. నా మొదటి ప్లాన్‌లో ఏముందంటే:

"సీమ్ టూల్‌లో (లాగ్‌లు ఒకచోట పోగేసి అలర్ట్‌లు ఇచ్చేది) అలర్ట్‌లు మానిటర్ చేయడం, టికెట్లు క్లోజ్ చేయడం, షిఫ్ట్ హ్యాండోవర్ రిపోర్టులు పంపడం."

నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. స్పాన్సర్ ఆఫీసు నుంచి ఒకావిడ ఫోన్ చేసి మర్యాదగానే అడిగింది: "ఇది మీకు 3 ఏళ్లుగా వచ్చిన పనే కదా, మరి ఏం నేర్చుకోవడానికి వస్తున్నారు?" నా దగ్గర జవాబు లేదు. తెలిసిన పని మళ్లీ చేయించడానికి ఈ ప్రోగ్రాం ఒప్పుకోదు. ఒక ఉద్యోగి చేయాల్సిన పని మీతో లాగించడానికి అసలే ఒప్పుకోదు. గుమాస్తా పని 20 శాతం దాటకూడదని నిబంధన కూడా ఉంది. హ్యాండోవర్ రిపోర్టులు, ఎక్సెల్ షీట్లు ఆ కోవలోకే పోతాయి.

సూపర్‌వైజర్‌తో కూర్చుని మళ్లీ రాశాం. మొదటి దశ ఇలా మారింది:

"12 వారాలు. డిటెక్షన్ రూల్స్ (దాడిని పసిగట్టి అలర్ట్ ఇచ్చేవి) రాయడం నేర్చుకోవడం. సీనియర్ ఇంజనీర్ పక్కన కూర్చుని పాత దాడుల లాగ్‌లు చదివి, వాటిని మైటర్ అటాక్ (దాడి పద్ధతుల జాబితా) పట్టికలో గుర్తించడం. వారానికి ఒక రూల్ రాసి టెస్ట్ ల్యాబ్‌లో నడిపించడం. శుక్రవారం సూపర్‌వైజర్‌తో రివ్యూ. చివర్లో ట్రైనీ రాసిన రూల్స్‌లో తప్పుడు అలర్ట్‌లు ఎన్ని వచ్చాయో లెక్కగట్టి మదింపు."

తేడా మీకే తెలుస్తుంది. రెండో దశ ఇన్సిడెంట్ రెస్పాన్స్, మూడోది క్లౌడ్ లాగ్‌లు. ప్రతి దశలో పని కష్టం కొంచెం పెరిగింది, నేర్పే మనిషి పేరూ హోదా ఉన్నాయి. ఈసారి తిరిగి రాలేదు.

ఇంకొన్ని చిన్న తప్పులు కూడా ప్లాన్‌ని ఆపుతాయి. వారానికి 32 గంటలకు తగ్గకూడదు. ఒంటరిగా నైట్ షిఫ్ట్ అని రాస్తే పక్కన నేర్పేవాడు లేడని అర్థం. 6 నెలలు దాటే ప్రోగ్రాంకి మధ్యలో ఒకసారి, చివర ఒకసారి మదింపు తప్పనిసరి. "ఇది ఇండియాలో ఎందుకు నేర్చుకోలేరు?" అని అడిగితే "అమెరికా టెక్నాలజీలో ముందుంది" అని రాయకండి, అందరూ అదే రాస్తారు. మీ టీంలో లేనిదేదో, అక్కడి టీంలో ఉన్నదేదో రాయండి.

"నానక్‌రాంగూడలో రిజెక్ట్ అయింది"

చేతిలో 214(బి) కాగితం పెట్టారంటే, తిరిగొస్తారన్న నమ్మకం ఆఫీసర్‌కి కలగలేదని అర్థం. చాలాసార్లు ఆ నమ్మకాన్ని మన నోటితో మనమే పోగొట్టుకుంటాం. నాకు తెలిసిన ఒక కుర్రాడి ఇంటర్వ్యూ ఇంతే:

"అక్కడ ఏం చేయబోతున్నారు?"

"సాక్ అనలిస్ట్ జాబ్ మేడమ్."

"18 నెలల తర్వాత?"

"పర్ఫార్మెన్స్ బట్టి కంపెనీ కంటిన్యూ చేస్తుంది మేడమ్."

అబద్ధం చెప్పలేదు పాపం. కానీ ట్రైనింగ్ వీసా అడగడానికి వెళ్లి రెండు మాటల్లో ఉద్యోగం వీసా అడిగాడు. రెండోసారి వెళ్లేముందు మేమిద్దరం అతని ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాం. "మా హైదరాబాద్ టీం అలర్ట్‌లు చూస్తుంది, రూల్స్ మాత్రం అమెరికా టీం రాస్తుంది. అది నేర్చుకుని వస్తే ఇక్కడే రాయొచ్చని మా మేనేజర్ ప్లాన్" అన్నాడు. అది నిజం కూడా, మేనేజర్ ఇచ్చిన లెటర్ చేతిలో ఉంది. వీసా వచ్చింది. చిలుకూరులో 108 ప్రదక్షిణలు చేసి మొక్కు తీర్చుకున్నాడు, ఆ లెటర్‌కి మాత్రం ఎవరూ దండం పెట్టలేదు.

221(జి) వస్తే అది పూర్తి తిరస్కరణ అనుకోకండి, ఇంకేదో చూడాలని ఆపారు. మన రంగానికి ఇది కొంచెం ఎక్కువే, ఎందుకంటే అమెరికా జాగ్రత్తగా చూసే టెక్నాలజీల జాబితాలో సమాచార భద్రత, క్రిప్టోగ్రఫీ ఉన్నాయి. అడిగిన కాగితాలు ఆలస్యం చేయకుండా పంపండి. మీరు చేసేది దాడులను ఆపే పనా, టెస్టింగ్ పనా అన్నది మామూలు భాషలో ఒక పేజీ రాసి సిద్ధంగా ఉంచుకోండి. ప్రోగ్రాం మొదలయ్యే తేదీ దాటిపోయేలా ఉంటే స్పాన్సర్ ఆ తేదీ మార్చగలడు, ముందే చెప్పాలి. టికెట్ మాత్రం పాస్‌పోర్ట్ చేతికొచ్చాకే.

2025 జూన్ నుంచి జే వీసా వాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలి. వీసా దరఖాస్తు డీఎస్-160లో గత 5 ఏళ్ల హ్యాండిల్స్ అన్నీ రాయాలి. ఇంటర్మీడియట్‌లో సరదాగా పెట్టుకున్న "డార్క్ హ్యాకర్" లాంటి పేరున్నా సరే, దాచకుండా రాయండి. అడిగితే నవ్వుకుంటూ చెప్పొచ్చు. దాస్తే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

"కన్సల్టెన్సీ 6 లక్షలు అడుగుతోంది"

ప్రభుత్వానికి కట్టేది సెవిస్ (విదేశీ విద్యార్థుల, మార్పిడి వీసాల వాళ్ల రికార్డులుండే సిస్టమ్) ఫీజు 220 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. స్పాన్సర్ ఫీజు, ఇన్సూరెన్స్ దీనికి అదనం. ఆ స్పాన్సర్ పేరు విదేశాంగ శాఖ జే-1 సైట్‌లోని జాబితాలో ఉందో లేదో చూసి, నేరుగా వాళ్లకే మెయిల్ పెట్టి ఫీజు అడగండి. మధ్యలో ఉన్నవాడు చెప్పే లెక్కకీ దానికీ తేడా ఎంతో తెలిసిపోతుంది. హోస్ట్ పేరు చెప్పకుండా అడ్వాన్స్ అడిగితే లేచి వచ్చేయండి.

"అమెరికా వచ్చేశాను, జీతంలో ఏదో కోత పడుతోంది"

పే స్లిప్‌లో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని రెండూ కలిపి 7.65 శాతం పోతుంటే, అది పేరోల్ తప్పు. ట్రైనీలకి మామూలుగా మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు ఆ కోత ఉండదు. ముందు కంపెనీని వెనక్కి ఇమ్మనండి. ఇవ్వకపోతే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కి ఫారం 843, దానికి జతగా 8316. నాది కంపెనీయే ఇచ్చేసింది, మూడు మెయిళ్లు పట్టింది.

సోషల్ సెక్యూరిటీ నంబర్ ఆఫీసులో "మీ రికార్డు కనపడట్లేదు" అంటే, స్పాన్సర్ ఇంకా మీ రాకను సెవిస్‌లో నమోదు చేయలేదన్నమాట. దిగిన వెంటనే స్పాన్సర్‌కి అడ్రస్ చెప్పండి. ఇల్లు మారితే 10 రోజుల్లో మళ్లీ చెప్పాలి.

బగ్ బౌంటీ గురించి ఒక మాట. రాత్రిపూట ఖాళీగా ఉన్నామని కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో బగ్స్ వేటాడి డాలర్లు తెచ్చుకోవడం ఇండియాలో అలవాటు. జే-1 మీద డీఎస్-7002లో ఉన్న హోస్ట్ దగ్గర తప్ప ఇంకెక్కడా డబ్బుకి పని చేయకూడదు, ఆ డాలర్లు అనధికార పని కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. ఆ 18 నెలలు ల్యాబ్ మెషీన్లతో సరిపెట్టుకోండి.

"వీసా మీద రెండేళ్ల రూల్ అని రాసి ఉంది"

ఆ రూల్ పేరు 212(ఇ). అది వర్తిస్తే, రెండేళ్లు స్వదేశంలో గడపకుండా హెచ్-1బి, గ్రీన్ కార్డు కుదరవు. మనవాళ్లకి ఇది ఎక్కువగా స్కిల్స్ లిస్ట్ (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో చెప్పే అమెరికా జాబితా) వల్ల వచ్చేది. 2024 డిసెంబర్ 9న ఆ జాబితా మార్చినప్పుడు ఇండియాని తీసేశారు, అంతకుముందు ఆ జాబితా ఒక్కదాని వల్లే ఇరుక్కున్నవాళ్లకీ ఊరట దొరికింది. ప్రభుత్వ డబ్బుతో వెళ్లినవాళ్లకి మాత్రం రూల్ అలాగే ఉంది. స్టాంపు మీద తప్పు రాశారని అనిపిస్తే విదేశాంగ శాఖని అడ్వైజరీ ఒపీనియన్ అడగొచ్చు.

ఈ రూల్ వేరు, మళ్లీ ట్రైనీగా వెళ్లడం వేరు. దానికి 212(ఇ) ఉన్నా లేకపోయినా రెండేళ్లు అమెరికా బయట ఉండాల్సిందే. ప్రోగ్రాం అయ్యాక సర్దుకోవడానికి 30 రోజులు ఇస్తారు. ఆ రోజుల్లో ఊళ్లు తిరగొచ్చు, పని చేయకూడదు. నేను గ్రాండ్ కాన్యన్ చూసి, రెండు సూట్‌కేసులతో శంషాబాద్‌లో దిగాను. ఆ తర్వాతి సోమవారం పాత టీంలోనే కూర్చుని మొదటి డిటెక్షన్ రూల్ రాశాను.