లగ్జరీ కార్లలో కూలెంట్ లీకు: జాడ పట్టడం, మరమ్మతు చేయడం

డాష్‌బోర్డు మీద కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గిందన్న హెచ్చరిక వెలిగినప్పుడు బానెట్ ఎత్తి, కాస్త కూలెంట్ పోసి, దీపం ఆరిపోగానే ఆ సంగతి మరిచిపోవడం చాలామందికి అలవాటు. ఖరీదైన ఇంజన్లు పాడవడానికి ఈ అలవాటే ఎన్నోసార్లు మొదటి మెట్టు అవుతోంది. కూలెంట్ తిరిగే మార్గం మూసి ఉంటుంది కాబట్టి, ఏళ్ల మీద వచ్చే అతి స్వల్ప తరుగుదలను మినహాయిస్తే, అందులోని ద్రవం తగ్గడానికి కారణం లీకు ఒక్కటే. నెలకోసారి పోయవలసి వస్తోందంటే ఎక్కడో ఒక గొట్టమో, సీలో, ప్లాస్టిక్ భాగమో పాడవుతోందని అర్థం. ఆ భాగం దారి మధ్యలో ఒక్కసారిగా విచ్చుకుపోతే, ఇంజన్ ఆపడంలో కొద్ది నిమిషాల ఆలస్యం జరిగినా అల్యూమినియం సిలిండర్ హెడ్ వంకరపోవచ్చు.

ఈ పనిలో ఎంత తొందర ఉన్నా వదలకూడని నియమం ఒకటుంది. లీకు ఎక్కడ ఉన్నదీ కంటితోగానీ, పరికరంతోగానీ రుజువయ్యేదాకా ఏ భాగాన్నీ మార్చకూడదు. ఈ కార్లలో చుక్క నేల మీద పడే చోటుకూ, అది పుట్టిన చోటుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. ఊహ మీద వాటర్ పంపు మార్చిన తరువాత మళ్లీ అదే తడి కనిపించడం, అప్పుడు రేడియేటర్ మీద అనుమానం పడడం, ఆ పైన మరో భాగం మీద డబ్బు పోయడం సర్వసాధారణంగా జరుగుతోంది.

ఒత్తిడి పోతే ఏమవుతుంది

ఇథిలీన్ గ్లైకాల్ ఆధారమైన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపినప్పుడు అది సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. మామూలు వాతావరణ పీడనంలో ఆ మిశ్రమం 107 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో మరుగుతుంది. మూత బిగించి ఒక బార్ అదనపు ఒత్తిడిలో ఉంచితే మరిగే స్థానం దాదాపు 129 డిగ్రీలకు పెరుగుతుంది. నేటి లగ్జరీ ఇంజన్లు ఈ వెసులుబాటు మీదనే ఆధారపడి పనిచేస్తాయి. ఉదాహరణకు, బీఎండబ్ల్యూ ఎన్52 ఇంజన్ భారం తక్కువగా ఉన్న ప్రయాణంలో ఇంధనం ఆదా కోసం కూలెంట్‌ను కావాలనే 112 డిగ్రీల వరకు వేడిగా ఉంచుతుంది. అటువంటి ఇంజన్‌లో లీకు వల్ల ఒత్తిడి పోయిందంటే, కూలెంట్ ట్యాంకులో (దీన్నే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అంటారు) ద్రవం ఇంకా మిగిలి ఉన్నప్పటికీ, సిలిండర్ హెడ్‌లోని అతి వేడి భాగాల దగ్గర అది మరిగి ఆవిరి బుడగలుగా మారుతుంది. చిన్న లీకు కదా అని ఉపేక్షించడం తగదనడానికి కారణం ఇదే.

ఈ వేడే గొట్టాలనూ తింటుంది. గాజు పోగులు కలిపిన నైలాన్‌తో చేసిన పైపులు, ఫ్లాంజ్‌లు, థర్మోస్టాట్ హౌసింగ్‌లు ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారుతూ పెళుసెక్కుతాయి. ఉష్ణోగ్రత ముల్లును కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. చాలా కార్లలో అది ఒక విశాలమైన పరిధి అంతటా మధ్యలోనే నిలిచి ఉండేలా చేసి ఉంటారు. కాబట్టి ముల్లు కదిలే సరికే పరిస్థితి చేయి దాటి ఉండవచ్చు. ఓబీడీ పోర్టుకు (కారు కంప్యూటర్ సమాచారాన్ని చదివే సాకెట్‌కు) తగిలించే స్కానర్‌లో అసలు అంకెను చూడడం మేలు.

జాడ పట్టడం

పని మొదలుపెట్టే ముందు ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడిగా ఉన్న ట్యాంకు మూత తిప్పితే ఒత్తిడిలో ఉన్న ద్రవం ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. రేడియేటర్ పై గొట్టాన్ని చేత్తో నొక్కి చూసినప్పుడు అది మెత్తగా ఉండి, గోరువెచ్చదనం కూడా లేకపోతేనే మూత జోలికి వెళ్లాలి. కొన్ని కార్లలో ఇంజన్ ఆపిన తరువాత కూడా ఫ్యాన్ దానంతట అదే తిరగవచ్చు కాబట్టి వేళ్లను దానికి దూరంగా ఉంచాలి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. అందువల్ల కారిన ద్రవం పిల్లలకు, పెంపుడు జంతువులకు అందకుండా వెంటనే తుడిచివేయాలి.

మొదట కారుతున్నది కూలెంటేనా అన్నది తేల్చుకోవాలి. ఏసీ నుంచి పడే నీరు రంగూ వాసనా లేకుండా ఉంటుంది. కూలెంట్ వేళ్ల మధ్య జారుతుంది, తియ్యని వాసన వస్తుంది, తెల్లకాగితం మీద గులాబీ, నీలం, ఆకుపచ్చ వంటి తన రంగును చూపుతుంది. తరువాత కారును చదునైన నేల మీద నిలిపి, చల్లటి ఇంజన్‌లో ట్యాంకు మట్టం ఎక్కడ ఉందో మార్కర్‌తో గీత గీసి, ఓడోమీటర్ అంకెను రాసిపెట్టుకోవాలి. ఎన్ని కిలోమీటర్లకు ఎంత తగ్గిందో తెలియకుండా చేసే నిర్ధారణకు ఆధారం ఉండదు.

ఇక కింది భాగంలోని ప్లాస్టిక్ తొడుగులను తీయక తప్పదు. పైనుంచి జారిన కూలెంట్ వాటిమీద నిలిచి, కారు వాలిన వైపు పారి, సంబంధం లేని చోట చుక్కలుగా పడుతుంది. జాకీ పెట్టే ముందు, ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కారైతే దాన్ని జాకీ మోడ్‌లోకి మార్చాలి. కారు కిందికి వెళ్లేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మక, తప్పనిసరిగా స్టాండ్లు కూడా పెట్టాలి. అప్పుడు మంచి టార్చి లైటు, పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకుని ఎండిన జాడల కోసం వెతకాలి. వేడి లోహం మీద పడిన కూలెంట్‌లోని నీరు ఆవిరైపోయి, తెల్లటి లేదా లేత రంగు పొర మిగులుతుంది. ఆ పొరను కిందినుంచి పైకి అనుసరించుకుంటూ వెళ్లి, అన్నిటికన్నా ఎత్తులో ఉన్న తడిని పట్టుకోవాలి. లీకు సాధారణంగా దానికి పైన గానీ, అక్కడే గానీ ఉంటుంది, కింద ఉండడం అరుదు. ఫ్యాన్ గాలికి, ప్రయాణపు గాలికి చుక్కలు వెనక్కి చిందుతాయన్న సంగతిని ఈ వెతుకులాటలో మరువరాదు.

కంటికి చిక్కనప్పుడు ప్రెషర్ టెస్టర్ అవసరమవుతుంది. ట్యాంకు మూత స్థానంలో సరిపోయే అడాప్టర్ బిగించి, చేతి పంపుతో మూత మీద రాసి ఉన్న ఒత్తిడి వరకు ఎక్కించాలి. మూత మీద 140 అని ఉంటే అది కిలోపాస్కల్స్‌లో రాసిన లెక్క, అంటే 1.4 బార్. అంతకు మించి ఎక్కిస్తే పరీక్షే కొత్త లీకును పుట్టించవచ్చు. పదిహేను, ఇరవై నిమిషాలు ముల్లును గమనిస్తూ ప్రతి కీలునూ పరిశీలించాలి. చల్లటి ఇంజన్ మీద ఈ పరీక్ష చేయడం చాలా ముఖ్యం. ఎందుకంటే గట్టిపడిన రబ్బరు సీళ్లు చలిలో కుంచించుకుపోయి కారుతాయి, వేడెక్కగానే వ్యాకోచించి మూసుకుపోతాయి. ఇందుకు విరుద్ధంగా, ప్లాస్టిక్‌లోని సన్నని పగుళ్లు వేడికే తెరుచుకుంటాయి. అందువల్ల చల్లగా ఉన్నప్పుడు ఏమీ బయటపడకపోతే, టెస్టర్‌ను బిగించే ఉంచి, ఇంజన్ నడిపి, ఒత్తిడి పరిమితి దాటకుండా చూసుకుంటూ మళ్లీ గమనించాలి. మూతను కూడా విడిగా పరీక్షించాలి. మూత బలహీనపడితే గొట్టాల్లోనూ సీళ్లలోనూ ఏ లోపమూ లేకుండానే కూలెంట్ మూత దగ్గర ఆవిరిగా బయటికి పోతుంది, చివరికి తేలే మరమ్మతు ఒక కొత్త మూత మాత్రమే కావచ్చు.

ముల్లు పడిపోతూ, బయట ఎక్కడా తడి లేకపోతే లీకు లోపల ఉన్నట్టు. ముందు సీటు కింది కార్పెట్ తడిగా ఉండడం, లోపల తియ్యని వాసన, హీటర్ వేసినప్పుడు అద్దం మీద జిడ్డు పొగమంచు కనిపిస్తే హీటర్ కోర్‌ను (కారు లోపలి గాలిని కూలెంట్ వేడితో వెచ్చబరిచే చిన్న రేడియేటర్‌ను) అనుమానించాలి. స్పార్క్ ప్లగ్‌లు తీసి, వ్యవస్థను ఒత్తిడిలో కొన్ని గంటలు ఉంచి, బోర్‌స్కోప్‌తో (సన్నని గొట్టం కొనకు ఉన్న కెమెరాతో) సిలిండర్లలోకి చూస్తే హెడ్ గాస్కెట్ లీకు దొరుకుతుంది. కూలెంట్ అందిన పిస్టన్ తలభాగం మిగిలినవాటికన్నా అసహజంగా శుభ్రంగా ఉంటుంది. బ్లాక్ టెస్ట్ ద్రవాన్ని ట్యాంకు మీద పెట్టి పరీక్షించినప్పుడు, పెట్రోలు ఇంజన్‌లో అది నీలం నుంచి పసుపుకు మారితే దహన వాయువులు కూలెంట్‌లోకి వస్తున్నట్టే. ఈ పరీక్షకు ముందు ట్యాంకు మట్టాన్ని కొంత తగ్గించాలి, కూలెంట్ ఆ ద్రవంలో కలిస్తే ఫలితం చెల్లదు. ఆయిల్ కూలర్ లోపల తెగితే ట్యాంకులో నూనె తెట్టు కడుతుంది. బీఎండబ్ల్యూ ఎన్63 వంటి ఇంజన్లలో ఇంటర్‌కూలర్ల (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే భాగాల) కోసం వేరే కూలెంట్ మార్గం, వేరే ట్యాంకు ఉంటాయి కాబట్టి ఏ ట్యాంకులో తగ్గుతోందన్నది మొదటే తేల్చుకుంటే సగం శ్రమ తప్పుతుంది.

అతి నెమ్మదైన లీకుకు, కూలెంట్‌తో సరిపడే యూవీ డై (యూవీ కాంతిలో మెరిసే రంగు) కలిపి, కొన్ని రోజులు నడిపాక యూవీ లైటుతో చీకట్లో చూడడం చివరి ఉపాయం.

తెలిసిన బలహీనతలు

ప్రతి ఇంజన్‌కూ కొన్ని పేరుపడ్డ చోట్లు ఉన్నాయి. మొదట అక్కడ చూడడం తెలివైన పని. అయితే పేరుపడిన చోటు కదా అని పరీక్ష లేకుండా భాగం మార్చడం కాదు.

పోర్షే కాయెన్ మొదటి తరం వీ8 కార్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, రెండు సిలిండర్ వరుసల మధ్య ఉన్న ప్లాస్టిక్ పైపులు పగులుతాయి. అక్కడే స్టార్టర్ మోటారు ఉండడం వల్ల అది తడుస్తుంది. ద్రవం వెనక్కి పారి గేర్‌బాక్స్ దగ్గర కారుతుంది కాబట్టి చూసేవారు దాన్ని వెనుక సీలు లీకు అని పొరబడతారు. బీఎండబ్ల్యూ ఎన్62 వీ8లో ఇంజన్ మధ్యగా వెళ్లే పైపు ముందు కొన సీలు గట్టిపడుతుంది, ఇంజన్ ముందు భాగంలోని ఒక చిన్న రంధ్రం నుంచి కూలెంట్ కారుతుంది. ఆ రంధ్రాన్ని మూసేస్తే లీకు ఆగదు, దారి మారుతుంది. జాగ్వార్, ల్యాండ్ రోవర్‌ల సూపర్‌చార్జర్ ఉన్న వీ8, వీ6 ఇంజన్లలో రెండు ముక్కలు అతికిన ప్లాస్టిక్ పైపులు ఆ అతుకు వెంటే విచ్చుకుంటాయి. ఆడీ, ఫోక్స్‌వ్యాగన్‌ల ఈఏ888 ఇంజన్‌లో పంపు, థర్మోస్టాట్ ఒకే ప్లాస్టిక్ హౌసింగ్‌లో ఉంటాయి, అక్కడ కారినది గేర్‌బాక్స్ మీద నిలుస్తుంది. పాత బీఎండబ్ల్యూ ఆరు సిలిండర్ల కార్లలోనైతే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు అతుకునే మొదట చూడాలి.

మరమ్మతు

లీకు చోటు రుజువయ్యాక, దాన్ని చేరడానికి ఇంజన్‌ను ఎంత లోతుకు విప్పవలసి వస్తుందో లెక్క వేసుకోవాలి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ తీయవలసిన పని అయితే, దాని కింద ఉన్న అదే వయసు పైపులు, సీళ్లు, గాస్కెట్లు అన్నిటినీ ఒకేసారి మార్చడమే సరైనదని నా గట్టి అభిప్రాయం. పగిలిన పైపు ఎంత వేడిని ఎన్నేళ్లు మోసిందో, పక్కనున్నది కూడా అంతే మోసింది. పోర్షే, జాగ్వార్ వంటి వాటికి అల్యూమినియం పైపులు దొరుకుతాయి, వాటిని వేయడం చాలా సందర్భాల్లో శాశ్వత పరిష్కారం. ఎన్62కు పాత పైపును కోసి తీసి, ముడుచుకుని సాగే కొత్త పైపును వాటర్ పంపు తావులోంచి దూర్చే కిట్లు వచ్చాయి. వాటితో టైమింగ్ కవర్లు విప్పే భారీ పని తప్పుతుంది.

లీకును ఆపుతుందని చెప్పి ట్యాంకులో పోసే మందులను వాడవద్దు. అవి రంధ్రాన్ని ఎంత పూడుస్తాయో చెప్పలేము గానీ, హీటర్ కోర్‌లోను, టర్బో కూలెంట్ గొట్టాల్లోను ఉన్న సన్నని దారులను పూడ్చే ప్రమాదం మాత్రం నిజమైనది.

కూలెంట్‌ను శుభ్రమైన పాత్రలోకి దించాక, గొట్టాల కొనల్లోని తీగ క్లిప్పులను పూర్తిగా పైకి లాగి, గొట్టాన్ని నిటారుగా తీయాలి. ఎండిపోయి అతుక్కున్న గొట్టాన్ని పక్కకు వంచి పీకితే పెళుసైన ప్లాస్టిక్ మెడ విరిగి, ముక్క లోపలికి పోతుంది. సీలు కూర్చునే ఉపరితలాన్ని పాత పొర పోయేదాకా మెత్తని ప్యాడ్‌తో తుడవాలి, ఇనుప గీకుడు పరికరాలతో అల్యూమినియంపై గీతలు పడనీయరాదు. కొత్త ఓ-రింగులకు కూలెంట్‌గానీ సిలికాన్ గ్రీజుగానీ రాయాలి. ఇంజన్ ఆయిల్, పెట్రోలియం గ్రీజు తగిలితే ఈ సీళ్లలో వాడే ఈపీడీఎం రకం రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. బీఎండబ్ల్యూ ఎలక్ట్రిక్ వాటర్ పంపును పట్టి ఉంచే అల్యూమినియం బోల్టులను ఒకసారి విప్పాక మళ్లీ వాడకూడదు. వాటిని చెప్పిన టార్క్ (బిగింపు బలం) వరకు బిగించి, ఆపైన చెప్పిన కోణం మేరకు తిప్పాలి. ప్లాస్టిక్‌లోకి దిగే బోల్టులకు చేతి అంచనా పనికిరాదు, చిన్న టార్క్ రెంచ్ ఉండాలి.

నింపడంలోనే చాలా మరమ్మతులు చెడతాయి. రంగు చూసి కూలెంట్ ఎంచుకోరాదు, కారు పుస్తకంలో రాసిన ప్రమాణానికి సరిపడేదాన్నే పోయాలి. వాక్యూమ్ ఫిల్లర్ దొరికితే అదే ఉత్తమం. అది గాలినంతా ముందే లాగేస్తుంది, లాగిన వాక్యూమ్ కొన్ని నిమిషాలు నిలిస్తే బిగింపులన్నీ సరిగా ఉన్నాయని పోసే ముందే తెలిసిపోతుంది. అది లేనప్పుడు, ఎలక్ట్రిక్ పంపు ఉన్న బీఎండబ్ల్యూలో బ్యాటరీకి చార్జర్ తగిలించి, ట్యాంకు నింపి మూత బిగించి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్‌ను గరిష్ఠ వేడిలో, ఫ్యాన్‌ను కనిష్ఠ వేగంలో ఉంచి, యాక్సిలరేటర్‌ను పది సెకన్లు నేలకు తొక్కి పట్టాలి. పంపు దాదాపు 12 నిమిషాలు తిరిగి గాలిని బయటికి తోస్తుంది. తరువాత మట్టం సరిచేయాలి. మామూలు పంపు ఉన్న ఇంజన్లకు గాలి తీసే స్క్రూలు ఎక్కడున్నాయో వర్క్‌షాపు మాన్యువల్‌లో చూసుకోవాలి. హీటర్ నుంచి వేడి గాలి రాకుండా చల్లగాలి వస్తుంటే లోపల ఇంకా గాలి నిలిచి ఉందన్నమాట.

కింది తొడుగులను అప్పుడే బిగించవద్దు. మరోసారి ప్రెషర్ టెస్ట్ చేసి, కారును పూర్తి వేడికి తెచ్చేలా నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి మట్టం చూడాలి. మొదటిసారి కొద్దిగా దిగడం మిగిలిన గాలి బయటికి వచ్చినందువల్లే. సరిపడా పోసి మళ్లీ అదే క్రమం జరిపినప్పుడు కూడా దిగితే, మరో లీకు ఉన్నట్టు లెక్కించి పరీక్షలను మొదటినుంచి చేయాలి. గీత దగ్గరే నిలిస్తే తొడుగులు బిగించవచ్చు. దించిన పాత కూలెంట్‌ను మురుగు కాలువలోగానీ, నేల మీదగానీ పారబోయక, మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ద్రవాలను తీసుకునే కేంద్రానికి అప్పగించాలి.