ప్రయాణాలకు ముందు ట్రావెల్ ట్రైలర్‌లో పనిచేయని సాకెట్: విప్పేముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

అమెరికా, కెనడాలలో చలికాలమంతా కదలకుండా నిలిపి ఉంచిన ట్రావెల్ ట్రైలర్‌ను (కారు వెనుక కట్టి లాక్కెళ్లే, లోపల బస చేసే బండిని) వసంతంలో బయటకు తీసి కరెంటు కలిపినప్పుడు, ఏదో ఒక సాకెట్ పనిచేయకపోవడం తరచుగా జరుగుతుంది. తేమ, ఎలుకలు, రోడ్డు మీది కుదుపులు, నెలల తరబడి వాడకపోవడం అన్నీ కలిసి దీనికి కారణమవుతాయి. అలాంటప్పుడు చాలామంది ముందుగా స్క్రూడ్రైవర్ అందుకుంటారు. అది అన్నిటికన్నా చివర చేయవలసిన పని. పనిచేయని సాకెట్‌లో కరెంటు లేదని అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే న్యూట్రల్ తీగ ఒక్కటి ఊడినా సాకెట్ పనిచేయదు గాని ఫేజ్ తీగలో 120 వోల్టులు అలాగే ఉంటాయి. ఆ సాకెట్ పనిచేయకపోవడానికి కారణం కూడా తరచుగా దానిలో కాక, దానికి కరెంటు వచ్చే దారిలో ఉంటుంది.

ముందుగా ట్రైలర్ లోహపు భాగాలను పరీక్షించండి

ఇంటి గోడలో పాడైన సాకెట్‌కూ ట్రైలర్‌లో పాడైన సాకెట్‌కూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. ట్రైలర్ రబ్బరు టైర్ల మీద నిలుస్తుంది కనుక, దాని ఇనుప చట్రానికి ఎర్త్ సంబంధం కరెంటు కేబుల్‌లోని ఎర్త్ తీగ ద్వారా మాత్రమే నమ్మకంగా అందుతుంది. ఆ తీగ ఎక్కడైనా తెగినా, అడాప్టర్‌లో దాని పిన్ను వదులైనా, క్యాంపు స్థలంలోని కరెంటు స్తంభం (ట్రైలర్లకు కరెంటు ఇచ్చే సాకెట్, బ్రేకర్ ఉండేది) దగ్గరే ఎర్త్ లేకపోయినా, లోపల ఏదో ఒక పరికరం నుంచి లీకయ్యే కరెంటు పోవడానికి దారి లేక ట్రైలర్ లోహపు భాగాలన్నిటికీ పాకుతుంది. లోపల కూర్చున్నవారికి ఏమీ తెలియదు. తడి నేల మీద నిలబడి తలుపు పిడినో మెట్టునో పట్టుకున్నవారికి, ముఖ్యంగా చెప్పులు లేకుండా తిరిగే పిల్లలకు, అది ప్రాణాంతకం కావచ్చు. ట్రైలర్‌ను తాకినప్పుడు కొద్దిగా జివ్వుమన్నా సరే, దానిని చిన్న విషయంగా కొట్టిపారేయకూడదు.

అందువల్ల మొదటి పరీక్ష బయటే చేయాలి. కేబుల్ పెట్టకముందే కరెంటు స్తంభం దగ్గరి సాకెట్‌ను మల్టీమీటర్‌తో కొలవండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 120 వోల్టులు, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు సున్న రావాలి. ఈ మూడింటిలో ఒక్కటి సరిగా లేకపోయినా అక్కడ ట్రైలర్‌ను కలపకూడదు. క్యాంపు నిర్వాహకులకు చెప్పి వేరే స్థలం అడగడమే సరైన పని. కొలతలు సరిగా ఉంటే, బ్రేకర్‌ను ఆపి ఉంచి కేబుల్ పెట్టి, ఆ తరువాతే బ్రేకర్ వేయాలి. తీసేటప్పుడు కూడా ముందు బ్రేకర్ ఆపి తరువాతే ప్లగ్ లాగాలి. లోడ్ నడుస్తుండగా ప్లగ్ లాగితే నిప్పురవ్వలు లేచి పిన్నులు కాలుతాయి, తరువాత అక్కడే వేడి పుడుతుంది.

కరెంటు కలిపాక, ట్రైలర్‌ను చేతితో తాకకముందే, తీగను తాకకుండా కరెంటును గుర్తించే టెస్టర్‌ను చట్రం దగ్గరకు, మెట్ల దగ్గరకు, తలుపు పిడి దగ్గరకు తీసుకువెళ్లి చూడండి. టెస్టర్ మోగినా వెలిగినా, ట్రైలర్‌ను ముట్టుకోకుండా స్తంభం దగ్గరికి వెళ్లి బ్రేకర్ ఆపండి. అనుమానం ఉంటే మల్టీమీటర్‌లో ఒక పిన్నును స్తంభం ఎర్త్‌కు, రెండోదాన్ని రంగు లేని చట్రపు లోహానికి ఆనించి కొలవవచ్చు. రెండు మూడు వోల్టులు దాటి చూపిస్తే ఎర్త్ దారిలో లోపం ఉందనే అర్థం. దానిని సరిచేసేవరకు సాకెట్ సంగతి పక్కన పెట్టాలి. లోపల జీఎఫ్‌సీఐ సాకెట్ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే రక్షణ సాకెట్) ఉంది కదా అని ధైర్యపడడం కూడా సరికాదు, అది తన తరువాత ఉన్న తీగలను మాత్రమే కాపాడుతుంది. ఏసీ, వాటర్ హీటర్ వంటివి సాధారణంగా దాని రక్షణలో ఉండవు.

దీపాలు వెలిగినంత మాత్రాన కరెంటు వచ్చినట్టు కాదు

ట్రైలర్‌లో రెండు వేర్వేరు కరెంటు వ్యవస్థలు ఉంటాయి. దీపాలు, నీటి పంపు, చిన్న ఫ్యాన్లు బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టుల మీద నడుస్తాయి. గోడ సాకెట్లు, మైక్రోవేవ్, ఏసీ బయటి నుంచి వచ్చే 120 వోల్టుల మీద నడుస్తాయి. దీపాలు బాగానే వెలుగుతున్నాయి కనుక బయటి కరెంటు వస్తోందని నిర్ధారించుకుని, లేని లోపాన్ని సాకెట్‌లో వెతికేవారు ఎందరో ఉంటారు. మైక్రోవేవ్ గడియారం వెలుగుతోందా లేదా అన్నది అంతకన్నా మంచి గుర్తు. ఇన్వర్టర్ ఉన్న ట్రైలర్లలో కొన్ని సాకెట్లు దాని గుండా వెళతాయి కాబట్టి, ఇన్వర్టర్ ఆగిపోతే ఆ కొన్ని మాత్రమే పనిచేయవు, మిగిలినవి మామూలుగా ఉంటాయి. ఈ విషయం తెలియక మంచి సాకెట్లను మార్చేయడం డబ్బుకూ శ్రమకూ నష్టం.

తరువాత చూడవలసింది జీఎఫ్‌సీఐ. ఒక్క జీఎఫ్‌సీఐ సాకెట్ వెనుక బాత్రూమ్, వంటగట్టు, బయటి గోడ సాకెట్లు వరుసగా కలిసి ఉండడం ట్రైలర్లలో మామూలే. బయటి సాకెట్ పనిచేయకపోతే కారణం బాత్రూమ్‌లో ఉండవచ్చు. వెళ్లే కరెంటుకూ తిరిగివచ్చే కరెంటుకూ మధ్య సుమారు 5 మిల్లీ ఆంపియర్ల తేడా కనిపిస్తే చాలు, అది కరెంటును ఆపేస్తుంది. రీసెట్ బొత్తం నొక్కినప్పుడు అది నిలవకపోతే, దానికి కరెంటే అందడం లేదో, ఎక్కడో లీకేజీ ఉందో, లేక అదే పాడైందో తెలుసుకోవాలి. అన్ని పరికరాల ప్లగ్గులు తీసేసి మళ్లీ నొక్కండి. అప్పుడు నిలిస్తే ఒక్కో పరికరాన్ని కలుపుతూ దోషిని పట్టుకోవచ్చు. ఏమీ కలపకుండానే ట్రిప్ అవుతుంటే, బయటి సాకెట్ మూత కింద నీరు చేరిందేమో చూడాలి. చలికాలం తరువాత ఇది చాలా సహజం. మళ్లీ మళ్లీ నొక్కి చూడడం, అన్నిటికన్నా ముఖ్యంగా విసుగెత్తి దాని స్థానంలో మామూలు సాకెట్ బిగించడం, ఎంతమాత్రం చేయకూడని పనులు.

బ్రేకర్ ట్రిప్ అయినప్పుడు దాని పిడి మధ్యలో ఆగుతుంది కనుక పైకి చూస్తే ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తుంది. దానిని పూర్తిగా ఆఫ్ వైపు తోసి, తరువాత ఆన్ చేయాలి. రెండోసారి కూడా పడితే ఇక ప్రయత్నించవద్దు. 30 ఆంపియర్ల కనెక్షన్ మొత్తం 3,600 వాట్లనే ఇస్తుంది. 1,500 వాట్ల హీటర్ ఒక్కటే 12.5 ఆంపియర్లు లాగుతుంది, దానికి తోడు మైక్రోవేవ్, నీటి హీటర్ నడిస్తే బ్రేకర్ పడడం లోపం కాదు, దాని పని అది చేయడమే. ఇంటి దగ్గర వాడే సన్నని ఎక్స్‌టెన్షన్ తీగతో ట్రైలర్‌ను నడపడం మాత్రం నిజమైన ప్రమాదం. ఆ తీగ వేడెక్కి, వోల్టేజీ పడిపోయి, ఏసీ మోటారు కూడా పాడవుతుంది.

సాకెట్ విప్పక తప్పనప్పుడు

బ్రేకర్ ఆపితే చాలదు. స్తంభం దగ్గరి బ్రేకర్ ఆపి, కేబుల్ తీసి, దాని ప్లగ్ మీ కళ్లెదుటే ఉండేలా పెట్టుకోండి. వెంట ఉన్నవారందరికీ దానిని కలపవద్దని చెప్పండి. ఇన్వర్టర్ ఆపాలి, బ్యాటరీ డిస్‌కనెక్ట్ చేయాలి. తనంతట తాను స్టార్ట్ అయ్యే జనరేటర్ ఉంటే ఆ ఏర్పాటును నిలిపివేయాలి, ఎందుకంటే బ్యాటరీ తగ్గిందని అది మధ్యలో లేచి మీ చేతిలోని తీగలకే కరెంటు పంపగలదు. ఆ తరువాత మీటర్‌ను ముందు కరెంటు ఉన్నదని తెలిసిన చోట పరీక్షించి, పాడైన సాకెట్‌ను కొలిచి, మళ్లీ కరెంటు ఉన్న చోట పరీక్షించాలి. మీటరే పనిచేయక సున్న చూపిస్తే దానిని నమ్మి చేయి పెట్టిన వారి పరిస్థితి ఊహించుకోండి. ఎక్కడికీ కలవని తీగలో డిజిటల్ మీటర్ ఒక్కోసారి ఇరవై, ముప్పై వోల్టులు ఉన్నట్టు చూపిస్తుంది. పక్క తీగ ప్రభావం వల్ల వచ్చే ఆ అంకెను చూసి తికమక పడకండి, అలాగని సరిగా తేల్చుకోకుండా ముట్టుకోకండి.

విప్పి చూస్తే చాలా ట్రైలర్లలో ఇంట్లో ఉండే సాకెట్ పెట్టె కనిపించదు. వెనుక పెట్టె లేకుండా, కేబుల్‌ను రెండు ప్లాస్టిక్ ముక్కల మధ్య నొక్కి బిగించే ప్రత్యేకమైన సాకెట్లు ఉంటాయి. వాటి సన్నని లోహపు అంచులు తీగ తొడుగును చీల్చుకుని రాగిని పట్టుకుంటాయి. అమెరికా విద్యుత్ నియమావళి అయిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 551వ అధికరణం ఇటువంటి వాహనాలలో వీటిని అనుమతిస్తుంది. నా అభిప్రాయంలో తేలికపాటి లోడ్లకు ఇవి సరిపోతాయి గాని, వేల మైళ్లు కుదుపులు తిన్న సాకెట్‌లో గంటల తరబడి హీటర్ నడపడం మంచిది కాదు. ఆ పట్టు కొద్దిగా వదులైతే చాలు, అక్కడ వేడి పుట్టి ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి కరుగుతుంది. అలా కరిగినదాన్ని తిరిగి నొక్కి బిగించకూడదు. అదే రకం కొత్తదాన్ని తగిన పనిముట్టుతో అమర్చాలి, లేదా గోడలో లోతు చాలితే మామూలు పెట్టె పెట్టి స్క్రూలతో బిగించే సాకెట్ వేయాలి. కాలిన తీగ భాగాన్ని మంచి రాగి కనిపించేవరకు కత్తిరించడం తప్పనిసరి. నల్ల తీగ ఇత్తడి రంగు స్క్రూకు, తెల్లది వెండి రంగు స్క్రూకు, తొడుగు లేనిది ఆకుపచ్చ స్క్రూకు వెళతాయి. 14 గేజ్ తీగకు 15 ఆంపియర్ల బ్రేకరే ఉండాలి. 20 ఆంపియర్ల బ్రేకర్‌కు 12 గేజ్ తీగ కావాలి.

సాకెట్ బాగానే ఉండి కరెంటు అందకపోతే, లోపం వరుసలో దానికి ముందున్న, పనిచేస్తున్న సాకెట్ వెనుకే ఉండవచ్చు. బయటకు జరిగే స్లైడ్ గదిలోని సాకెట్ అయితే, ప్రతిసారీ వంగుతూ ఉండే కేబుల్‌ను కూడా అనుమానించాలి. ట్రైలర్ ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ పట్టీలు వేరువేరుగా ఉంటాయి. ఇంటి ప్యానెల్‌లో చూసిన అలవాటుతో వాటిని కలిపితే పాడైనది బాగుపడదు సరికదా, ట్రైలర్ చట్రం గుండానే కరెంటు ప్రవహిస్తుంది.

కాలిన వాసన, వేడెక్కిన మూత, ప్యానెల్ లోపల నల్లబారిన చోటు కనిపిస్తే అక్కడితో ఆగి అనుభవమున్న టెక్నీషియన్‌ను పిలవండి. 50 ఆంపియర్ల కనెక్షన్ ఉన్నవారు కొన్ని దీపాలు, పరికరాలు అతిగా చురుకై, మరికొన్ని మందగించడం గమనిస్తే వెంటనే స్తంభం బ్రేకర్ ఆపాలి. ఆ కనెక్షన్‌లో 120 వోల్టుల వైపులు రెండు ఉంటాయి కనుక, న్యూట్రల్ తెగినప్పుడు ఒక వైపు వోల్టేజీ 120 దాటి పెరిగి పరికరాలను కాల్చేస్తుంది. వర్షం పడుతున్నప్పుడు, తడి చేతులతో, ఈ పనులేవీ మొదలుపెట్టవద్దు.

బాగు చేశాక మూడు దీపాల టెస్టర్‌తో మాత్రమే సరిపెట్టుకోకండి. అది కొన్ని తప్పుడు కలయికలను సరైనవిగానే చూపిస్తుంది, వదులు పట్టును అసలు పసిగట్టదు. మీటర్‌తో వోల్టేజీ చూసి, ఆ తరువాత హెయిర్ డ్రయ్యర్ వంటి లోడ్ పెట్టి అదే సర్క్యూట్‌లో మరోసారి కొలవండి; 5 శాతానికి మించి పడిపోతే ఎక్కడో పట్టు సరిగా లేదు. కొద్దిసేపు నడిపాక మూత మీద చేయి పెట్టి వేడి చూడండి. జీఎఫ్‌సీఐ టెస్ట్ బొత్తం నొక్కి, దానితో పాటు ఏయే సాకెట్లు ఆగిపోతున్నాయో గమనించి, ఆ జాబితాను ప్యానెల్ తలుపు లోపలి వైపు అతికించి ఉంచండి.