డిజిటల్ సంతకం టోకెన్‌కు దరఖాస్తు చేయడం ఎలా?

డీఎస్సీ అని వెతికితే మన దగ్గర టీచర్ పోస్టుల నోటిఫికేషన్లే ముందు కనిపిస్తాయి. ఇక్కడ చెప్పేది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్ గురించి, అంటే ఆన్‌లైన్ పత్రాల మీద సంతకం పెట్టడానికి వాడేది. దీన్ని దాచి ఉంచే యూఎస్‌బీ పరికరమే టోకెన్. డైరెక్టర్లు కంపెనీ వ్యవహారాల శాఖకు ఫారాలు పంపాలన్నా, కంపెనీకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాలన్నా, కాంట్రాక్టర్లు ఈ-ప్రొక్యూర్‌మెంట్‌లో టెండర్ వేయాలన్నా ఇది కావాలి. 2000 నాటి ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం డిజిటల్ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది.

ఇది మీసేవలో, సచివాలయంలో ఇచ్చే సర్టిఫికెట్ కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఏ (కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్) నుంచి లైసెన్స్ తీసుకున్న ఈముద్ర, కాప్రికార్న్ లాంటి సంస్థలు ఇస్తాయి. పూర్తి జాబితా సీసీఏ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వీటిలో క్లాస్ 2 అనే రకం 2021 జనవరి నుంచి ఆగిపోయింది, కాబట్టి క్లాస్ 3 తీసుకోవాలి. గడువు గరిష్ఠంగా 3 ఏళ్లు. టెండర్ల కోసమైతే సంతకంతో పాటు ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ (ఫైళ్లకు తాళం వేసేది) కూడా కలిపి అడగండి, చాలామంది ఇది మర్చిపోయి రెండోసారి డబ్బు కడుతుంటారు.

పాన్, ఆధార్, ఫోన్, ఈమెయిల్ దగ్గర పెట్టుకుంటే దరఖాస్తుకు ఎక్కువసేపు పట్టదు. సంస్థ పేరు మీద కావాలంటే సంస్థ పత్రాలు, మీకు అధికారం ఇస్తూ రాసిన లెటర్ జత చేయాలి. విదేశాల్లో ఉన్నవాళ్లకు పాస్‌పోర్ట్ లాంటి పత్రాలు అడుగుతారు. ఫోన్ నంబర్, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వండి. "ఓటీపీల గొడవ మేం చూసుకుంటాం సార్" అని ఏజెంట్ తన నంబర్ వేస్తానంటే ఒప్పుకోవద్దు. తర్వాత వీడియో వెరిఫికేషన్ లింక్ వస్తుంది. కెమెరా ముందు మీరే కూర్చుని పేరు చెప్పి, ఒరిజినల్ పాన్ కార్డు చూపించాలి.

ఆమోదం వచ్చాక చేసే డౌన్‌లోడే అసలు ఘట్టం. పెన్‌డ్రైవ్‌లా కనిపించే యూఎస్‌బీ టోకెన్ (ఫిప్స్ 140-2 లెవల్ 2 అనే భద్రతా ప్రమాణం ఉన్నది) కొని, దాని డ్రైవర్‌ను కంప్యూటర్‌లో వేసుకోండి. డౌన్‌లోడ్ నొక్కగానే టోకెన్ లైటు మిణుకుమిణుకుమంటుంది. ఆ కాసేపట్లో టోకెన్ లోపలి చిప్‌లోనే రెండు కీలు తయారవుతాయి. సంతకాన్ని సరిచూడటానికి వాడే పబ్లిక్ కీ మాత్రమే సంస్థకు వెళ్తుంది. సంతకం పెట్టే ప్రైవేట్ కీ చిప్ దాటి బయటికి రాదు, దాన్ని కాపీ చేయడం కుదరదు. సంతకం కావాల్సిన ప్రతిసారీ టోకెన్ మీ దగ్గర పిన్ తీసుకుని, లెక్క లోపలే చేసి, ఫలితం మాత్రమే బయటికి ఇస్తుంది. పని పూర్తయ్యేదాకా టోకెన్ పీకొద్దు.

చాలా టోకెన్లు 12345678 లాంటి పిన్‌తో వస్తాయి. మొదటి రోజే మార్చండి. వరుసగా తప్పు కొడితే టోకెన్ లాక్ అవుతుంది. అప్పుడు టెన్షన్‌లో ఇనిషియలైజ్ నొక్కారంటే కీలు చెరిగిపోతాయి, మళ్లీ కొత్త సర్టిఫికెట్ కొనాల్సిందే.

ఒకసారి ఓ ఆడిటర్ ఆఫీసులో డ్రాయర్ తెరిస్తే ఇరవై దాకా టోకెన్లు కనిపించాయి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో చుట్టిన చీటీ, దాని మీద క్లయింట్ పేరు, కింద పిన్. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ చీటీ, టోకెన్ రెండూ ఉన్నవాళ్లు ఆ మనిషి పేరున ఏ ఫారం మీదైనా సంతకం పెట్టేయొచ్చు. ఐటీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని కాపాడుకునే బాధ్యత సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లదే. అది పరుల చేతిలో పడితే, ఇచ్చిన సంస్థకు చెప్పేదాకా జరిగినదానికి బాధ్యులు కూడా సర్టిఫికెట్ తీసుకున్నవాళ్లే. ఆడిటర్ ఎంత నమ్మకస్తుడైనా సరే, పని ఉన్న రోజు టోకెన్ తీసుకెళ్లి, పిన్ మీరే కొట్టి, వెంట తెచ్చుకోండి.

టోకెన్ పోతే ఆలస్యం చేయకుండా, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రద్దు దరఖాస్తు పెట్టండి. గడువు ముగిసి కొత్తది తీసుకున్నా పాత టోకెన్‌ను వెంటనే చెరిపేయకండి. పాత ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్‌తో తాళం వేసిన ఫైళ్లు ఆ కీతోనే తెరుచుకుంటాయి.