సోలార్ హీటర్ పెట్టించాక వేడి నీళ్ల ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

కరెంటు గీజర్ స్థానంలో సోలార్ వాటర్ హీటరో, గాలిలోని వేడితో నీళ్లు కాచే హీట్ పంపో పెట్టించుకున్న ఇళ్లలో తొలి ఏడాది వినిపించే ఫిర్యాదులు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. నీళ్లు కాగడం లేదని కొందరు, కాగినా కుళాయి దాకా రావడం లేదని మరికొందరు, అన్నీ బాగానే ఉన్నా బిల్లు తగ్గలేదని ఇంకొందరు చెబుతారు. తప్పంతా కొత్త యంత్రానిదేనని అనుకోవడం సహజమే. అయితే గీజర్ కోసం ఎప్పుడో వేసిన పైపులను అలాగే ఉంచి వాటికే కొత్త ట్యాంకును తగిలించడం వల్ల వచ్చే చిక్కులే వీటిలో అధికం. గీజర్ స్నానాల గదిలో కుళాయికి మూడు నాలుగు అడుగుల దూరంలోనే ఉంటుంది. సోలార్ ట్యాంకు మేడ మీద, ఒక్కోసారి రెండు మూడు అంతస్తుల పైన ఉంటుంది. అందువల్ల కంపెనీ మనిషిని పిలిచే ముందు పైపులను, వాల్వులను, నీటి స్వభావాన్ని వరుసగా చూసుకోవడం మేలు.

కింద చెప్పినవి మన ఇళ్ల మీద ఎక్కువగా కనిపించే, గాజు గొట్టాలతో, పంపు అవసరం లేకుండా పనిచేసే సోలార్ హీటర్లకు వర్తిస్తాయి. హీట్ పంపుల సంగతి చివర ఉంది.

ముందు ఎక్కడ చూడాలి

వేడిని చేత్తో అంచనా వేయకుండా, మామూలు వంటింటి థర్మామీటరుతో మూడుసార్లు చూడాలి: పొద్దుగూకే వేళ మేడ మీద, అదే సమయంలో స్నానాల గదిలో, మర్నాడు తెల్లవారుజామున మళ్లీ మేడ మీద. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ కుళాయి నుంచి పట్టిన నీరు లెక్కకు పనికిరాదు, ఎందుకంటే వేడి నీరు పైకి, చల్లటి నీరు అడుగుకు చేరుతాయి. వేడి నీళ్లు బయటికి వచ్చే పైపుకు వాల్వు పక్కనే ఒక చిన్న కుళాయి పెట్టించుకుంటే ఈ పరీక్షే కాదు, ముందు ముందు చాలా పరీక్షలు సులువవుతాయి. మేడ మీద 60 డిగ్రీలు ఉండి గదిలో 40 ఉంటే లోపం పైపుల్లో ఉన్నట్టు. మేడ మీదే 40 ఉంటే గొట్టాల్లోనో, ఎండ పడే తీరులోనో ఉన్నట్టు. సాయంత్రం 60 ఉన్నది తెల్లారేసరికి 40కి పడిపోతే ట్యాంకులోనో, వాడకంలోనో ఉన్నట్టు.

మేడ మీద నీళ్లు పొగలు కక్కుతున్నాయి, గదిలో గోరువెచ్చగా వస్తున్నాయి

చల్లటి నీరు ఎక్కడో దొంగదారిన వేడి నీళ్ల లైనులోకి చేరుతోందని దీని అర్థం. అందుకు మూడు దారులుంటాయి.

మొదటిది, చాలామందికి తట్టనిది, పాత గీజర్ ఉన్న చోటు. గీజర్‌ను గోడ నుంచి దించినప్పుడు, రెండు కుళాయిల్లోనూ నీళ్లు రావాలన్న ఉద్దేశంతో ప్లంబర్లు గోడలోని చల్లటి పాయింటును, వేడి పాయింటును ఒక ఫ్లెక్సిబుల్ పైపుతో కలిపేస్తారు. సోలార్ లైను వచ్చాక కూడా ఆ ముక్కను అలాగే వదిలేస్తే రెండు లైన్లూ ఒకటైపోతాయి. ఒక్క గదిలో, అదీ ఎవరూ వాడని గెస్ట్ రూములో అది మిగిలిపోయినా ఇంటి మొత్తానికీ గోరువెచ్చటి నీరే వస్తుంది.

రెండవది మిక్సర్ కుళాయి. హ్యాండ్ షవర్‌ను చివర ఉన్న మీటతో కట్టేసి, మిక్సర్‌కు ఉన్న వేడి, చల్లటి తిప్పుళ్లు రెండూ తెరిచి ఉంచే అలవాటు ఉంటే, బయటికి పోయే దారిలేని చల్లటి నీరు మిక్సర్ లోపలి నుంచే వేడి లైనులోకి ఎక్కుతుంది.

మూడవది ప్రెషర్ పంపు. పది అడుగుల ఎత్తు నుంచి దిగే నీటికి 0.3 బార్ ఒత్తిడి మాత్రమే ఉంటుంది. ప్రెషర్ పంపు దానికి కొన్ని రెట్లు ఇస్తుంది. పంపును చల్లటి లైనుకు మాత్రమే పెట్టి, సోలార్ లైనును ఎత్తుకే వదిలేస్తే మిక్సర్ తెరిచిన ప్రతిసారీ చల్లటి నీరే గెలుస్తుంది, వేడి నీరు వెనక్కి, మేడ మీదికి తిరిగిపోతుంది.

వీటిలో ఏదో ఒకటి జరుగుతోందా లేదా తేల్చుకోవడానికి మేడ మీద వేడి నీళ్లు బయటికి వచ్చే వాల్వును పూర్తిగా కట్టేసి, గదిలో వేడి కుళాయిని మాత్రమే తెరవాలి. పైపులో మిగిలిన నీరు దిగిపోయాక ధార ఆగిపోతే లైను శుభ్రంగా ఉన్నట్టే. అయిదు నిమిషాల తర్వాత కూడా ధార వస్తూనే ఉంటే అది చల్లటి లైను నుంచి వస్తున్న నీరే. అప్పుడు ఒక్కో గదిలో గోడ పాయింట్ల దగ్గర ఉండే చిన్న వాల్వులను (యాంగిల్ వాల్వులు) కట్టుకుంటూ వెళితే, ఏ గది కట్టినప్పుడు ధార ఆగిందో ఆ గదిలోనే దారి ఉంది.

గీజర్ పాయింట్లను కలిపిన పైపును తీసేసి రెండింటికీ బిరడాలు బిగించాలి. మిక్సర్‌ను తిప్పుళ్ల దగ్గరే కట్టేసే అలవాటు చేసుకోవాలి. పంపు ఉన్న ఇళ్లలో రెండు లైన్లకూ సమానమైన ఒత్తిడి అందేలా చూడాలి. అయితే మామూలు సోలార్ ట్యాంకు పంపు ఒత్తిడిని తట్టుకోదు కనుక, ట్యాంకు దాటాక వేడి నీటిని తట్టుకునే వేరే పంపు పెట్టాలి, లేదా ముందుగానే ఒత్తిడిని తట్టుకునే రకం ట్యాంకును కొనాలి. నీటిని ఒకే వైపుకు పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వు వేయమని కొందరు సలహా ఇస్తారు. స్ప్రింగు ఉన్న రకాన్ని తక్కువ ఒత్తిడితో దిగే నీరు నెట్టలేదు కనుక, రెక్క మీద తెరుచుకునే ఇత్తడి రకమే వేయించాలి.

వేడి నీళ్లు వచ్చేలోపు సగం బకెట్ నిండిపోతోంది

రాత్రంతా పైపులో నిలిచి చల్లారిన నీరు ముందుగా బయటికి రావడమే దీనికి కారణం. ముప్పాతిక అంగుళం సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు మీటరుకు దాదాపు పావు లీటరు నీటిని పట్టుకుంటుంది. అంగుళం పైపు 0.4 లీటరుకు పైగా పట్టుకుంటుంది. ఇరవై మీటర్ల పొడవుకు మొదటిదానిలో అయిదు లీటర్లు, రెండోదానిలో ఎనిమిదిన్నర లీటర్లు వృథా అవుతాయి. ధార బాగుంటుందని లావు పైపు వేయించుకున్నవారు నష్టపోయేది ఇక్కడే. పైపును కురచ దారిలో నడిపించి, పొడవునా ఇన్సులేషన్ తొడిగించాలి. బయట గోడ మీద ఎండకు తగిలే తొడుగు పైన మరో పొర లేకపోతే అది కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతుంది. మామూలు పీవీసీ పైపు వేసి ఉంటే ఇన్సులేషన్ గురించి ఆలోచించకుండా ముందు దాన్ని మార్చాలి, అది 60 డిగ్రీల వేడికే మెత్తబడుతుంది.

సాయంత్రం బాగా కాగిన నీళ్లు ఉదయానికి చల్లబడుతున్నాయి

చాలామంది ట్యాంకు ఇన్సులేషన్‌ను తప్పుపడతారు గానీ, ముందు అడగవలసిన ప్రశ్న రాత్రి ఎవరెవరు ఎంత వాడారన్నది. తీసిన ప్రతి బకెట్‌కు బదులుగా అంతే చల్లటి నీరు ట్యాంకులోకి దిగుతుంది, రాత్రి దాన్ని కాచే ఎండ ఉండదు. 60 డిగ్రీల నీటిని చలికాలపు 20 డిగ్రీల నీటితో సమంగా కలిపితే స్నానానికి సరిపడే 40 డిగ్రీలు వస్తాయి కనుక, 20 లీటర్ల బకెట్‌కు పది లీటర్ల వేడి నీరు చాలు. ఆ లెక్కన 100 లీటర్ల ట్యాంకు బకెట్ స్నానం చేసే నలుగురికి సుఖంగా సరిపోతుంది. షవర్ కింద పది నిమిషాలు నిలబడేవారు ఒక్కొక్కరే 40 నుంచి 50 లీటర్ల వేడి నీరు వాడతారు. అలాంటి ఇంటికి 200 లీటర్లు కావాలి. రాత్రి ఎవరూ వాడకపోయినా పది డిగ్రీలకు మించి పడిపోతుంటే అప్పుడు ట్యాంకు గురించి అడగవచ్చు.

మే నెలలో మరుగుతున్నాయి, డిసెంబరులో కాగడం లేదు

వేసవిలో పెట్టించిన చోట చలికాలంలో నీడ పడుతుండవచ్చు. మే నెలలో హైదరాబాద్‌లో మధ్యాహ్నానికి నడినెత్తిన ఉండే సూర్యుడు, డిసెంబరు మూడో వారంలో దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తుకే చేరుతాడు. ఉదయం, సాయంత్రం అంతకంటే చాలా కిందుగా ఉంటాడు. దక్షిణం వైపున్న ఓవర్‌హెడ్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటివాళ్లు కొత్తగా లేపిన అంతస్తు అప్పుడు గొట్టాల మీద నీడ వేస్తాయి. గొట్టాలు దక్షిణానికి తిరిగి, స్థలపు అక్షాంశానికి పది పదిహేను డిగ్రీలు కలిపినంత, అంటే తెలుగు ప్రాంతాల్లో సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. స్టాండును జరపడం ఒక పూట పని.

నీడ లేకపోతే గొట్టాలను ఒక్కొక్కటిగా చూడాలి. మంచి గొట్టం అడుగున వెండి రంగు మచ్చ ఉంటుంది. లోపలి శూన్యం పోయిన గొట్టంలో ఆ మచ్చ తెల్లబడుతుంది, పైగాజు కూడా వెచ్చగా తగులుతుంది. అలాంటి గొట్టాన్ని మార్చడమే తప్ప బాగుచేసే మార్గం లేదు.

మచ్చలన్నీ వెండి రంగులోనే ఉన్నా వేడి తగ్గితే బోరు నీటిని అనుమానించాలి. తాగునీటికి భారత ప్రమాణాలు అంగీకరించే కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు లేని చోట 600 వరకు. బోర్ల మీదే ఆధారపడే శివారు కాలనీల్లో నీరు ఈ అంకెలను తేలిగ్గా దాటుతుంది. అలాంటి నీరు కాగినప్పుడు గొట్టాల లోపల తెల్లటి సున్నపు పొర కడుతుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిని కొన్ని గంటలు నిలిపి కడిగితే ఆ పొర కరుగుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్‌ను మాత్రం ఎవరు చెప్పినా వాడకూడదు, అది స్టీలు ట్యాంకును తినేస్తుంది. మంజీరా, కృష్ణా, గోదావరి నీరు వచ్చే ఇళ్లలో ఈ బాధ తక్కువ. బోరు తప్ప గతి లేని ఇంటికి, వాడే నీరు గొట్టాల్లోకి పోకుండా నీళ్లు కలవకుండా వేడిని మాత్రమే అందించే హీట్ ఎక్స్ఛేంజర్ ద్వారా కాగే రకం ఖరీదైనా సరైన ఎంపిక.

వేడి నీళ్ల ధార సన్నగా, తుంపులు తుంపులుగా వస్తోంది

పైపులో గాలి చిక్కుకుంది. వేడి నీళ్ల పైపు పిట్టగోడను దాటడానికి పైకెక్కి మళ్లీ దిగే చోట, కాగిన నీటి నుంచి విడివడిన గాలి చేరి దారి మూసేస్తుంది. పైపును ట్యాంకు నుంచి ఎక్కడా ఎక్కకుండా దింపాలి. కుదరకపోతే ఆ ఎత్తులో గాలి పోయే గొట్టం పెట్టించాలి.

వెంట్ పైపు నుంచి నీళ్లు కారుతున్నాయి

వెంట్ పైపు చివర, ఓవర్‌హెడ్ ట్యాంకులో నిండుగా ఉన్న నీటి మట్టం కంటే కిందుగా ఉంది. దాన్ని రెండు అడుగులు పెంచాలి. కారడం ఆపాలని దానికి మూత బిగించడం ప్రమాదకరం, ఆవిరికీ గాలికీ ఉన్న దారి అదొక్కటే.

గొట్టాలు తరచుగా పగులుతున్నాయి

కోతుల మీద నెపం వేసే ముందు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎప్పుడెప్పుడు ఖాళీ అవుతోందో గమనించాలి. నీరు లేకుండా ఎండకు కాలిన గొట్టంలోకి మిట్టమధ్యాహ్నం చల్లటి నీరు దిగితే గాజు చిట్లుతుంది. ట్యాంకు ఖాళీ అయిందని తెలిస్తే సోలార్‌కు నీరు పోయే వాల్వును కట్టేసి, పొద్దుగూకి గొట్టాలు చల్లారాకనో, మర్నాడు సూర్యోదయానికి ముందో తెరవాలి. సెలవులకు ఊరెళ్లేవారు నీరు నింపి, గొట్టాల మీద గోనెసంచులు కప్పి వెళ్లాలి.

కరెంటు బిల్లు తగ్గలేదు

ట్యాంకులో బిగించిన బ్యాకప్ హీటర్ స్విచ్చు ఎప్పుడూ వేసి ఉందేమో చూడాలి. 200 లీటర్లను 25 నుంచి 50 డిగ్రీలకు కాచడానికి దాదాపు 5.8 యూనిట్లు ఖర్చవుతాయి, 2000 వాట్ల హీటర్‌కు మూడు గంటలు పడుతుంది. అదే 15 లీటర్ల గీజర్ 0.6 యూనిట్‌తో ఇరవై నిమిషాల్లో 60 డిగ్రీలకు చేరుస్తుంది. మబ్బు పట్టిన రోజున రెండు బకెట్ల కోసం ట్యాంకంతా కాచడం అర్థం లేని పని. పైగా రాత్రి కరెంటుతో కాగిన నీటికి మర్నాటి ఎండ కొత్తగా ఇచ్చేది తక్కువ. వేడి నీటిని లోపలికి తీసుకోవచ్చని తయారీదారు చెప్పిన చిన్న గీజర్‌ను సోలార్ లైను చివర, గదిలోనే ఉంచుకుని, ట్యాంకు హీటర్ ఎంసీబీని (బోర్డులో దాని కరెంటును ఆపే స్విచ్చును) దించేయడం నయం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ రాయితీ కరెంటు తయారుచేసే సోలార్ పలకలకే గానీ నీళ్లు కాచే సోలార్‌కు కాదన్నది కూడా ఖర్చు లెక్కలో గుర్తుంచుకోవాలి.

హీట్ పంపు పెట్టినా ఆదా కనబడటం లేదు

హీట్ పంపు గాలిలోని వేడిని లాగి నీటికి ఇస్తుంది కనుక, ఒక యూనిట్ కరెంటుతో దాదాపు మూడు యూనిట్ల వేడి అందుతుంది: 100 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు చేర్చడానికి గీజర్ నాలుగు యూనిట్లు తీసుకుంటే, ఇది ఒకటిన్నర యూనిట్ లోపే తీసుకుంటుంది. అయితే దాన్ని తలుపులు మూసిన యుటిలిటీ గదిలో పెడితే, వదిలిన చల్లగాలినే మళ్లీ పీలుస్తూ గంటల తరబడి తిరుగుతుంది. దానికి బయటి గాలి ధారాళంగా ఆడాలి. రెండో కారణం లోపలి కరెంటు ఎలిమెంటు: త్వరగా కాగాలని బూస్ట్ మీట నొక్కి వదిలేస్తే అది ఖరీదైన గీజర్‌గా మారుతుంది. స్నానానికి మూడు గంటల ముందు మొదలయ్యేలా టైమరు పెట్టుకుంటే బూస్ట్ అవసరమే రాదు. కింద నీరు కారడం గాలిలోని తేమ వల్లే కనుక, అది లోపం కాదు. చిన్న గొట్టంతో మోరీలోకి మళ్లిస్తే చాలు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల తేమ ఉన్న వెచ్చని గాలి హీట్ పంపుకు బాగా అనుకూలం గానీ, అదే గాలిలోని ఉప్పు బయటి అల్యూమినియం రేకులను కొరికేస్తుంది కనుక, కొనేటప్పుడే తుప్పు పట్టని పూత ఉన్న రకాన్ని అడిగి తీసుకుని, ఆ రేకులను అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి.